సంతకానికి అయ్యే ఖర్చెంత?

విదేశాంగ విధానం ఢిల్లీవాళ్ల వ్యవహారమని మన గోదావరి జిల్లాల్లో ఒక అభిప్రాయం ఉంది. నిజానికి ఈ డెల్టాలో చాలా కుటుంబాల చరిత్ర సముద్రం అవతలే నడిచింది. కోరంగి రేవు నుంచీ, అది మేట వేశాక కాకినాడ నుంచీ ఓడెక్కి రంగం, అంటే బర్మా, వెళ్లినవాళ్లు వేలకు వేలు. రంగూన్ రేవులో బస్తాలు మోసిన తెలుగు కూలీని అక్కడివాళ్లు కొరంగీ అనే పిలిచేవారు. 1930లో రేవు కూలీల సమ్మె అల్లర్లకు దారితీసినప్పుడు దెబ్బ తిన్నది ప్రధానంగా మనవాళ్లే. 1942లో జపాన్ సేనలు వచ్చాయని అడవుల వెంట నడిచి తిరిగొచ్చినవాళ్లున్నారు. 1962లో నే విన్ సైనిక పాలన మొదలయ్యాక, దుకాణాలు జాతీయం చేసి పొమ్మంటే కట్టుబట్టలతో వచ్చేసినవాళ్లూ ఉన్నారు. కాబట్టి 2021 ఫిబ్రవరి 1న బర్మా సైన్యం ఎన్నికైన ప్రభుత్వాన్ని మళ్లీ కూలదోసిందంటే, అది మనకి మరీ అంత పరాయి వార్త కాదు.

ఆ రోజు ప్రపంచ నాయకులు చాలామంది ఖండించారు. అదే ఏడాది డిసెంబరు 9, 10 తేదీల్లో అమెరికా అధ్యక్షుడు బైడెన్ ప్రజాస్వామ్య శిఖరాగ్ర సదస్సు పెట్టారు. నూటపది దాకా దేశాలకు పిలుపులు వెళ్లాయి. హక్కుల కార్యకర్తలు, పాత్రికేయులు, ప్రవాసంలో ఉన్న ప్రతిపక్ష నేతలు దేశాధినేతలతో పాటు తెర మీద కనిపించారు. అక్కడ ఏం తేల్చారన్నది ఎవరికీ పట్టలేదు. పెళ్లి శుభలేఖల విషయంలో లాగే, ఎవర్ని పిలిచారు, ఎవర్ని వదిలేశారు అన్నదే చర్చ. పాకిస్తాన్‌ని పిలిచారు, వాళ్లు రాలేదు. బంగ్లాదేశ్‌నీ, శ్రీలంకనీ పిలవలేదు.

ఇలాంటి కూటములను చూసి నవ్వుకోవడం తేలిక. అలాగని అన్నిటినీ ఒకే గాటన కట్టి కొట్టిపారేస్తే, నిజంగా పనికొచ్చినవాటిని కూడా పోగొట్టుకుంటాం. నేను అడిగేది ఒకటే: మద్దతు ప్రకటించినవాడు దానికోసం ఏం వదులుకున్నాడు?

ఈ ప్రశ్న వేసుకుని పాత దస్త్రాలు తిరగేస్తే చాలా సంతకాలు తేలిపోతాయి. 2000 జూన్‌లో వార్సాలో ప్రజాస్వామ్య దేశాల సముదాయం ఏర్పడింది. 106 దేశాలు ప్రకటన మీద సంతకం పెట్టాయి. ఆ సమావేశాన్ని పిలిచిన దేశాల్లో పోలండ్, అమెరికాలతో పాటు మనమూ ఉన్నాం, ఆఫ్రికా నుంచి మాలీ ఉంది. ఆ మాలీలో 2012లో ఒకటి, 2020లో ఒకటి, 2021లో ఇంకొకటి, వరసగా సైనిక తిరుగుబాట్లు వచ్చాయి. 2025లో అక్కడి సైనిక ప్రభుత్వం రాజకీయ పార్టీలన్నిటినీ రద్దు చేసింది. సంతకం మాత్రం అలాగే ఉంది. వార్సాకి వచ్చి కూడా సంతకం పెట్టకుండా వెళ్లిన దేశం ఫ్రాన్స్. స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అని నాణేల మీద అచ్చేసుకున్న ఆ దేశమే 1954 దాకా యానాంని వలసగా ఉంచుకుంది. నినాదానికీ ఆచరణకీ ఎంత దూరమో మనకి ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

అసలు పాఠం దక్షిణ కొరియాలో ఉంది. 2024 మార్చిలో మూడో ప్రజాస్వామ్య శిఖరాగ్ర సదస్సు సియోల్‌లో జరిగింది. ఆతిథ్యం ఇచ్చింది అధ్యక్షుడు యూన్ సుక్ యోల్. తొమ్మిది నెలలు తిరక్కుండానే, డిసెంబరు 3 రాత్రి, ఆయనే టీవీలో కనిపించి మార్షల్ లా ప్రకటించారు. హెలికాప్టర్లలో సైనికులు పార్లమెంటు ఆవరణలో దిగారు. లోపలి సిబ్బంది సోఫాలు, బల్లలు లాక్కొచ్చి తలుపులకు అడ్డం పెట్టారు. మంటలార్పే సిలిండర్లు సైనికుల మీదికి చిమ్మారు. పోలీసులు గేట్లు మూసేస్తే సభ్యులు గోడ దూకి లోపలికెళ్లారు. స్పీకరు కూడా గోడ దూకే వెళ్లారు. అర్ధరాత్రి దాటాక ఒంటిగంట ప్రాంతంలో, 300 మంది సభలో 190 మంది హాజరైతే 190 మందీ మార్షల్ లా ఎత్తెయ్యాలనే ఓటేశారు. నాలుగు నెలల తర్వాత, 2025 ఏప్రిల్ 4న, రాజ్యాంగ న్యాయస్థానం యూన్‌ని పదవి నుంచి తీసేసింది.

ఆ రాత్రి గేటు దగ్గరికి పరిగెత్తుకొచ్చింది సియోల్ జనమే. వాళ్లకి ఏ సదస్సు నుంచీ పిలుపు రాలేదు. 1980లో గ్వాంగ్జూలో నిరసనకారుల మీద సైన్యం కాల్పులు జరిపిన సంగతి ఇంట్లో పెద్దవాళ్లు చెప్పగా విన్నవాళ్లు వాళ్లు.

అయితే అంతర్జాతీయ సంఘీభావం ఉత్తదేనా? కాదు. 1946లో, మనకి ఇంకా స్వాతంత్ర్యం రాకముందే, దక్షిణాఫ్రికాలో భారతీయుల మీద వివక్షకు నిరసనగా ఆ దేశంతో వాణిజ్యం తెంచుకున్నాం. అలా చేసిన మొదటి దేశం మనదే. అది నష్టపు బేరం, తెలిసే చేశాం. 1974లో డేవిస్ కప్ టెన్నిస్ ఫైనల్‌కి చేరి, ఎదురుగా దక్షిణాఫ్రికా ఉందని ఆడకుండా తప్పుకున్నాం. అమృతరాజ్ సోదరుల ఆట జోరుగా ఉన్న రోజులవి, గెలిచే అవకాశం బాగానే ఉంది. కప్పు ఉట్టినే దక్షిణాఫ్రికాకి పోయింది. ఇలాంటివి ప్రపంచమంతటా పోగుపడీ పడీ చివరికి ఆ ప్రభుత్వానికి ఊపిరాడకుండా చేశాయి. మండేలా 1990 ఫిబ్రవరిలో విడుదలై, అక్టోబరులో మన దేశానికి వచ్చి భారతరత్న అందుకున్నారంటే వెనక అంత ఖర్చు ఉంది.

బర్మా దగ్గరికి వచ్చేసరికి మన లెక్క మారిపోయింది. 1988లో విద్యార్థులు వీధుల్లోకి వచ్చినప్పుడు ఆకాశవాణి బర్మీస్ ప్రసారాలు వాళ్ల పక్షానే మాట్లాడాయి. అక్కడి ప్రజాస్వామ్య ఉద్యమ నాయకురాలు ఆంగ్ సాన్ సూచీకి నెహ్రూ పురస్కారం ప్రకటించాం. తర్వాత ఈశాన్య సరిహద్దు, సహజవాయువు, చైనా పలుకుబడి ఒక్కొక్కటీ ముందుకొచ్చి, 2004లోనూ 2010లోనూ అదే సైనిక నియంత థాన్ ష్వేకి ఢిల్లీలో స్వాగతం పలికాం. ప్రభుత్వాలకి సరిహద్దు అవసరాలుంటాయి, కాదనను. కానీ అప్పుడు స్టాక్‌హోంలోని అంతర్జాతీయ ప్రజాస్వామ్య సంస్థలో వ్యవస్థాపక సభ్యులమనీ, 2005లో ఐక్యరాజ్యసమితి ప్రజాస్వామ్య నిధి పెట్టించినవాళ్లలో మనమొకరమనీ ఛాతీ విరుచుకోవడం తగ్గించుకోవాలి.

2021 తర్వాత బర్మా విషయంలో ఖర్చు పెట్టింది మిజోరం. మన కోనసీమ జిల్లా కంటే తక్కువ జనాభా ఉన్న రాష్ట్రం అది. శరణార్థి హోదా ఇచ్చే అధికారం రాష్ట్రాలకు లేదు, రానివ్వొద్దని కేంద్ర హోంశాఖ లేఖ రాస్తే, వీళ్లు మా రక్తసంబంధీకులు, తలుపు వెయ్యలేం అని ముఖ్యమంత్రి జోరాంథంగా ప్రధానికి జవాబు రాశారు. ముప్పై వేలకు పైగా మనుషులకు చర్చిలూ, యువజన సంఘాలూ అన్నం పెట్టాయి. ఇటు థాయ్‌లాండ్ సరిహద్దులో ప్రవాస బర్మా పత్రికలు, ఆసుపత్రులు అమెరికా డబ్బు మీద నడిచేవి. 2025 జనవరిలో ట్రంప్ ప్రభుత్వం విదేశీ సాయం ఆపెయ్యగానే శరణార్థి శిబిరాల్లో ఆసుపత్రులు మూతపడ్డాయి. ఒక్కడి జేబు మీద ఆధారపడిన సంఘీభావం ఆ జేబు యజమాని మారగానే పోయింది.

సూచీ సంగతి ఇంకో రకం. ప్రపంచంలోని నేతలు, కార్యకర్తలు ఇరవై ఏళ్లు ఒక్క ముఖానికి హారతిపట్టారు. సైన్యం తరిమేసిన రోహింగ్యా ముస్లింల విషయంలో ఆమె నోరు మెదపకపోగా, 2019 డిసెంబరులో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లి సైన్యం తరఫున వాదించేసరికి అందరూ తలలు పట్టుకున్నారు. హక్కుల సంస్థ అమ్నెస్టీ అంతకు ముందు ఏడాదే తానిచ్చిన పురస్కారం వెనక్కి తీసుకుంది. రాజకీయాల్లో భక్తి పతనానికీ, చివరికి నియంతృత్వానికీ దారి అని 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ హెచ్చరించింది మన నాయకుల గురించే కావచ్చు, పరదేశపు వీరుల్ని కొలిచేవాళ్లకీ అది సరిగ్గా సరిపోతుంది.

ఆ అంబేడ్కర్ పేరు జిల్లాకి పెడతామంటే అమలాపురంలో ఏం జరిగిందో 2022 మే 24న దేశమంతా చూసింది. మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. తర్వాత ఇంటర్నెట్ ఆపేశారు. ఇంటి నుంచి పనిచేసుకునే కుర్రాళ్లు లాప్‌టాప్ సంచీ తగిలించుకుని సిగ్నల్ అందే ఊళ్లు వెతుక్కుంటూ పోయారు. బర్మాలో సైన్యం మొదట చేసిన పనుల్లో ఇంటర్నెట్ కోత ఒకటని చదివి అయ్యో అనుకున్నవాళ్లం, మన దగ్గర అదే పని జరిగితే శాంతిభద్రతలంటూ సర్దుకున్నాం.

"ముందు మన ఇల్లు చక్కబెట్టుకుందాం, లోకం గొడవ మనకెందుకండీ" అనే మాట ఇక్కడే వస్తుంది. ఆ మాటకి అంబేడ్కరే జవాబు. 1946లో ఆయన అమెరికా నల్లజాతి మేధావి డుబోయిస్‌కి ఉత్తరం రాశారు. అక్కడి నల్లవాళ్లు ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన విజ్ఞాపన ప్రతులు పంపమనీ, అస్పృశ్యుల తరఫున అలాంటిదే వెయ్యాలనుకుంటున్నామనీ అందులో ఉంది. ఆయన ఇల్లు చక్కబెట్టుకోవడానికే లోకంలోకి చూశారు.

మన ఇంటి సంగతీ చూద్దాం. బర్మాలో సైన్యం ఓట్లు చెల్లవన్న ఆ ఫిబ్రవరిలోనే, 9 నుంచి 21 దాకా నాలుగు విడతల్లో, మన రాష్ట్రంలో పంచాయతీ ఎన్నికలు జరిగాయి. ఓటింగు లేకుండా ఏకగ్రీవం చేసుకున్న ఊళ్లకి జనాభాని బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ప్రోత్సాహకం ఇస్తామని ప్రభుత్వమే ప్రకటించింది. పద్ధతి పాతదే, ఒక్క పార్టీది కాదు. అన్ని ఏకగ్రీవాలూ చెడ్డవని అనను. చిన్న లంక గ్రామంలో నిజంగానే అందరూ ఒక మాట మీదికి రావచ్చు. కానీ చాలా చోట్ల జరిగేది వేరు. నామినేషన్ల ఉపసంహరణ నాటికి పెద్దమనుషులు రామాలయం అరుగు మీద చేరతారు. గుడికింత, శ్మశానం రోడ్డుకింత, కాలవ మీద కల్వర్టుకింత అని పాట నడుస్తుంది. ఎక్కువ పాడినవాడికి పదవి. మిగతావాళ్లు వెళ్లి కాగితం వెనక్కి తీసుకుంటారు. రిజర్వుడు సీటయితే పొలంలో పనికొచ్చే మనిషిని నిలబెడతారు. చెక్‌పవర్ ఆ మనిషిది, ఎక్కడ సంతకం పెట్టాలో చెప్పేది ఇంకొకరు. ఊళ్లో గొడవల్లేకుండా పోయిందని అందరూ సంతోషిస్తారు. అడగాల్సినవాళ్లు అడక్కపోవడమే ఆ ప్రశాంతత.

ఖర్చు పెట్టినవాళ్లు ఇక్కడ లేరా? ఉన్నారు. యానాం నుంచి గోదావరి దాటించే వంతెనకి ఎవరి పేరు పెట్టారో ఇటువైపు అందరికీ తెలుసు. జి.ఎం.సి. బాలయోగి, ఎదుర్లంక మనిషి, లోక్‌సభ తొలి దళిత స్పీకరు. 1999 ఏప్రిల్ 17న వాజపేయి ప్రభుత్వం విశ్వాస తీర్మానం. ఒడిశా ముఖ్యమంత్రి అయ్యాక కూడా ఎంపీ పదవి వదులుకోని గిరిధర్ గమాంగ్ ఓటెయ్యొచ్చా లేదా అని తగువు. ఆపితే బాలయోగి సొంత పార్టీ మద్దతిస్తున్న ప్రభుత్వానికి గట్టెక్కే అవకాశం ఉండేది. ఆయన దాన్ని గమాంగ్ అంతరాత్మకి వదిలేశారు. 269కి 270. ప్రభుత్వం పడిపోయింది, మర్నాడు దేశంలో ఎక్కడా ఒక్క సైనికుడు కూడా బారకు దాటి రాలేదు. ఆ తీర్పు సరైందా కాదా అని నిపుణులు ఇప్పటికీ వాదించుకుంటారు. అది ఎవరి స్వప్రయోజనానికి ఎదురెళ్లిందన్నదాంట్లో మాత్రం వాదన లేదు.

ఇవాళ మన డెల్టాకి రంగం లాంటిది కువైట్. గల్ఫ్‌లో కాస్త నోరున్న ఎన్నికైన సభ ఒక్క కువైట్‌కే ఉండేది. 2024 మే 10న అక్కడి అమీర్ దాన్ని రద్దు చేసి, నాలుగేళ్ల దాకా ఎన్నికలు ఉండకపోవచ్చన్నారు. మూడు రోజులకి, మే 13న, మన రాష్ట్రంలో 80 శాతం దాటి పోలింగు జరిగింది. అమెరికా నుంచి విమానాలెక్కి వచ్చి ఓటేసిన కుర్రాళ్ల ఫొటోలు పేపర్లలో వేశారు. కువైట్ ఇళ్లలో వంటపని చేసే రాజోలు, నరసాపురం ఆడవాళ్లలో ఎంతమంది అలా రాగలరు? చాలామంది పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉంటుంది. 2010లో చేసిన చట్ట సవరణ వల్ల వాళ్ల పేరు జాబితాలో చేర్చుకోవచ్చు, ఓటు మాత్రం సొంతూరి బూత్‌కి వచ్చి వెయ్యాలి. సైనికులకి ఇస్తున్నట్టే వాళ్లకీ ఎలక్ట్రానిక్ పోస్టల్ బ్యాలెట్ ఇవ్వొచ్చని ఎన్నికల సంఘం 2020లోనే కేంద్రానికి రాసింది. గల్ఫ్ దేశాలు తమ గడ్డ మీద ఇలాంటివి ఒప్పుకుంటాయా, ఆడమనిషి చేతిలో కాగితం యజమాని కళ్లముందు నిండుతుందా అన్నవి తీసిపారెయ్యాల్సిన సందేహాలు కావు. ఒప్పించాలంటే చమురు, ఉద్యోగాల బేరాల్లో ఎక్కడో ఒక మెట్టు దిగాల్సి వస్తుంది. వచ్చేసారి ఓట్లడగడానికి కాలవగట్టు వెంట వచ్చే ఎంపీ అభ్యర్థిని, ఆ మెట్టు దిగమని పార్లమెంటులో అడుగుతారా లేదా అని నిలదియ్యొచ్చు. ఆ ఆడవాళ్ల పిల్లలు ఇక్కడే, అమ్మమ్మల దగ్గర పెరిగి ఓటు వయసుకొస్తున్నారు.