దాని పేరు రాంపూర్ పెంట

నిన్న రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. పొద్దున్నే బస్సులో కూర్చుని ఫోన్లో టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకుని చదవండి. ఇంత చిన్న విషయానికి అంత కోపమా అని మా ఆయన ఇప్పటికే అడిగాడు. అవును, అంత కోపమే.

నేనున్న ఒక ట్రెక్కింగ్ గ్రూపులో నిన్న సాయంత్రం పోస్టర్ పెట్టారు. 'తెలంగాణ అమర్‌నాథ్! ఎవరికీ తెలియని లోయ! రెండు రోజులు, ఒక రాత్రి, మనిషికి 3,499 రూపాయలు. క్యాంప్ ఫైర్ ఉంటుంది.' ఫొటో చూడగానే ఒళ్లు ఝల్లుమంది. సలేశ్వరం. నల్లమల అడవిలో లింగమయ్య కొలువైన లోయ. అటూ ఇటూ నిలువు బండలు, నడుమ పైనుంచి పడే నీళ్లు, కింద గుండం. నేను పుట్టింది అచ్చంపేట పక్కన. ఆ ఫొటోలో కనిపించే దారి మలుపులో ఎక్కడ కాలు జారుతుందో కూడా చెప్పగలను.

కింద దారి వివరాలు రాశారు. హైదరాబాద్ నుంచి శ్రీశైలం రోడ్డు మీద మన్ననూర్, అక్కడి నుంచి ఫరహాబాద్ చెక్‌పోస్టు, లోపలికి అడవి దారి, ఆ తర్వాత 'సీక్రెట్ బేస్ క్యాంప్'. అక్కడి నుంచి నడక.

ఆ సీక్రెట్ బేస్ క్యాంప్‌కి పేరుంది. రాంపూర్ పెంట. చెంచుల ఊరు. జాతరకు పోయే బండ్లు అక్కడిదాకా పోయి ఆగుతాయి. చైత్ర పౌర్ణమి వస్తే పాలమూరు, నల్లగొండ ఊళ్ల నుంచి, కృష్ణ అవతల నుంచి వేలమంది దిగే చోటు అది. 'వస్తున్నాం లింగమయ్యో' అని అరుచుకుంటూ పోయి, 'పోతున్నాం లింగమయ్యో' అని అరుచుకుంటూ తిరిగొస్తారు. ఆ కేకలకు గుట్టలు మోగుతాయి. అంతమందికి తెలిసిన దారిని ఎవరికీ తెలియని లోయ అని ఎట్లా రాస్తారు? మేమంతా ఎవరం?

మర్యాదగానే కామెంట్ పెట్టా. 'అన్నా, అది రాంపూర్ పెంట. చెంచుల ఊరు. పోస్టర్‌లో ఆ పేరే రాయండి' అని. రెండు నిమిషాల్లో జవాబొచ్చింది. 'అక్కా, పెంట అని రాస్తే ఎవరొస్తారు?' దాని పక్కన పడీపడీ నవ్వే బొమ్మలు ఐదు. ఇక ఒకరి తర్వాత ఒకరు. 'పెంటలో క్యాంప్ ఫైరా', 'మాస్క్ తెచ్చుకోవాలా', 'పెంట ట్రెక్, నేను రాను బాబోయ్'. ముప్పై మందికి పైగా నవ్వారు. అందులో ముగ్గురు నాతో కలిసి భువనగిరి గుట్ట ఎక్కినవాళ్లు. నా డబ్బాలో చేయి పెట్టి సద్ది తిన్నవాళ్లు.

పెంట అంటే ఏంటో ఓపిగ్గా రాశా. అప్పాపూర్ పెంట, మల్లాపూర్ పెంట, భౌరాపూర్ పెంట, సార్లపల్లి, ఇవన్నీ చెంచులు తరతరాలుగా బతుకుతున్న చోట్లని రాశా. పొద్దున లేచి చూస్తే నా కామెంట్ లేదు. తీసేశారు. నవ్విన కామెంట్లన్నీ ఉన్నాయి.

అసలు పెంట అన్న మాటకు ఇంకో అర్థమే తీసుకున్నా అందులో సిగ్గుపడేది ఏముంది? మా ఊళ్లో ఎండాకాలం వస్తే పెంట తోలుతారు. ఏడాదంతా పశువుల కొట్టం పక్కన పోగేసిన ఎరువును బండ్లకెత్తి, చేను నిండా కుప్పలు కుప్పలుగా పోసి, వానలకు ముందు చల్లుతారు. మా అవ్వ ఆ పెంటను చేత్తో చిదిమి, బాగా మాగిందా లేదా అని వాసన చూసి చెప్పేది. మాగిన పెంట నల్లగా, పొడిపొడిగా, తడి మట్టి వాసన వస్తుంది. దానివల్లే జొన్నలు పండేవి, ఆ జొన్నరొట్టె తినే మేం పెరిగాం. ఆ మాట వినగానే ముక్కు మూసుకునేవాళ్లు అన్నం ఎక్కడి నుంచి వస్తుందనుకుంటున్నారు?

ఇట్లా పేర్లు చూసి సిగ్గుపడేది ఒక్క ట్రెక్కింగ్ వాళ్లే కాదు. శ్రీశైలం పోయే దారిలో ఈగలపెంట, దోమలపెంట ఉంటాయి. మీరూ చూసే ఉంటారు. ఈ మధ్య వాటి పేర్లు కృష్ణగిరి, బ్రహ్మగిరి అని మార్చారు. కొత్త పేర్లు వినడానికి బాగానే ఉన్నాయి, కాదనను. కానీ 2025 ఫిబ్రవరి 22న ఎస్ఎల్‌బీసీ సొరంగం పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్నప్పుడు టీవీలన్నీ రోజుల తరబడి దోమలపెంట, దోమలపెంట అనే అన్నాయి. నల్లగొండ ఫ్లోరైడ్ ఊళ్లకు కృష్ణ నీళ్లు తేవడానికి తవ్వుతున్న సొరంగం అది. అప్పుడు ఆ పేరు విని ఎవరూ నవ్వలేదు. చావొచ్చినప్పుడు పనికొచ్చిన పేరు పోస్టర్ మీదికి పనికిరాదా?

నిజం చెప్తా. నిన్న ఆ నవ్వే బొమ్మలు చూస్తే నాకు గుర్తొచ్చింది సలేశ్వరం కాదు. హాస్టల్.

డిగ్రీకి హైదరాబాద్ వచ్చిన కొత్తలో, మీ సైడు చూడ్డానికి ఏమున్నాయని రూమ్మేట్లు అడిగితే ఎంత సంబరంగా చెప్పానో. ఉమామహేశ్వరం చెప్పా. గుట్టకు ఆనుకున్న గుడి, బండల్లోంచి వచ్చే నీళ్లు, శ్రీశైలానికి ఉత్తర ద్వారమని చెప్పా. వట్వర్లపల్లి దగ్గర దారి చీలి పోతే వచ్చే మల్లెల తీర్థం చెప్పా. తొలి ఏకాదశికి పోయే లొద్ది మల్లయ్యను చెప్పా. సలేశ్వరం పోవాలంటే రాంపూర్ పెంట దాకా బండి పోతదని చెప్పా. అంతే. ఆ రోజు నుంచి మూడేళ్లు నా పేరు పెంట. 'పెంటా, బకెట్ ఇయ్యి.' 'పెంటా, నీకు ఫోనొచ్చింది.' మెస్ దగ్గర లైన్లో కూడా అదే పేరు. నేనూ నవ్వేదాన్ని. నవ్వకపోతే ఇంకా ఎక్కువ అంటారని భయం. రెండో ఏడు వచ్చేసరికి ఏ ఊరని ఎవరడిగినా హైదరాబాదే అని చెప్పడం మొదలుపెట్టా. మా నాయిన హాస్టల్‌కి వస్తే గేటు బయటే మాట్లాడి పంపించేసేదాన్ని. ఆయన మాట వింటే ఇంకేం పేరు పెడతారోనని.

ఆ పని నేను చేశా. ఇప్పుడు రాస్తుంటే చేతులు వణుకుతున్నాయి.

మా నాయిన పన్నెండేళ్లు గుంపు మేస్త్రీ కింద పనికి పోయాడు. బాకీకి అడ్వాన్స్ తీసుకుని, దసరా పోయాక బండెక్కి, వానలకు ముందు తిరిగొచ్చేవాడు. పాలమూరు లేబర్ అంటే దేశంలో తెలియని డ్యామ్ కట్ట లేదు. మట్టి మోసినన్నాళ్లు మా జిల్లా పేరు అందరికీ బాగా నోరు తిరిగింది. లేబర్ అన్న మాటకు ముందు పాలమూరు అని చెప్పడానికి ఎవరికీ సిగ్గనిపించలేదు. అదే పాలమూరు గుట్టలకు వచ్చి ఫొటోలు దిగాలంటే మాత్రం అమర్‌నాథ్ కావాలి. వికారాబాద్ దగ్గర అనంతగిరి గుట్టలకు తెలంగాణ ఊటీ అని పేరు పెట్టారు. మనది ఏదైనా బాగుందని చెప్పాలంటే పక్కవాళ్లది ఒకటి తెచ్చి అంటించాలి. ఊటీలో ఎవరైనా దీన్ని తమిళనాడు అనంతగిరి అంటారా?

మన దగ్గర ఎక్కడానికి గుట్టలేవి అని అడిగేవాళ్లంటే కూడా నాకు మంటే. ఒకే బండ మీద కోట కట్టిన భువనగిరి ఉంది. 2014 మే 25న, పద్నాలుగేళ్లు కూడా నిండకుండా ఎవరెస్ట్ ఎక్కిన మలావత్ పూర్ణ బండలెక్కడం నేర్చుకుంది దాని మీదే. రేచర్ల పద్మనాయకుల రాచకొండ, దేవరకొండ ఉన్నాయి. ఇటు కోయిలకొండ ఉంది. ఇవి చాలవనుకుంటే 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అడవి ఉంది. సరే, ఇది వేరే గొడవ, ఇంకోసారి రాస్తా.

చెంచుల గురించి చెప్పాలి, ఎందుకంటే నిన్న ఒక్కరికీ వాళ్లు గుర్తురాలేదు. పోస్టర్‌లో చివరి లైను: 'లోకల్ గైడ్ ఉంటాడు.' పేరు లేదు. ట్రెక్ లీడర్లు ఇద్దరి పేర్లున్నాయి, ఫొటోలున్నాయి, వాళ్లు చేసిన కోర్సులున్నాయి. వాటిలో ఒకటి రాపెల్లింగ్. అంటే తాడు కట్టుకుని బండ మీద నుంచి దిగడం. నేర్చుకున్నారు, మంచిదే. చెంచు పెంటల్లో అది పుట్టుకతో వచ్చే విద్య. తేనె తీయడానికి నిలువు బండల మీద నుంచి తాడు పట్టుకుని లోయలోకి వేలాడతారు. నడుముకు బుట్ట, ఒక చేతిలో పొగ, ముఖం మీదికి లేచే ఈగలు. పైన తాడు ఎవరు పట్టుకుంటారో తెలుసా? బావమరిది. అన్నదమ్ములకు ఇవ్వరు. తన అక్కో చెల్లో ముండమోయకూడదని అయినా బావమరిది తాడు వదలడని వాళ్ల నమ్మకం. మా తాత ఈ మాట చెప్పినప్పుడు నాకు ఎనిమిదేళ్లుంటాయి. అప్పటి నుంచి ఏ గుట్ట మీద ఎవరు తాడు కట్టినా, పైన పట్టుకున్నది ఎవరని చూడటం నాకు అలవాటైపోయింది.

1940లో హైమెండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త ఎక్కడి నుంచో వచ్చి ఇదే అమ్రాబాద్ అడవిలో చెంచులతో ఉండి, వాళ్ల జీవితం రాసుకుని పోయాడు. పెంటల పేర్లతో సహా. హైదరాబాద్ నుంచి మూడు, నాలుగు గంటల్లో వచ్చేవాళ్లకు ఒక్క ఊరి పేరు రాయడం కష్టమైంది.

తాతతోనే నేను మొదటిసారి సలేశ్వరం పోయా. ఆయనకు చెప్పుల్లేవు. తెల్ల పంచె మోకాళ్ల పైకి కట్టి, సద్దిమూట భుజాన వేసుకుని నడిచేవాడు. మూటలో జొన్నరొట్టెలు, పచ్చిమిరపకాయ కారం. రాంపూర్ పెంటలో బోద గడ్డి గుడిసె ముందు ఆగాం. ఒక పెద్దమ్మ సొరకాయ బుర్రతో నీళ్లు ముంచి ఇచ్చింది. నేను గటగటా తాగబోతే తాత ఆపాడు. 'నిమ్మలంగ తాగు బిడ్డా, ఈ ఎండల్ల ఆమె ఎంత దూరం నుంచి తెచ్చిందో' అన్నాడు. చైత్ర మాసంలో ఆ నీళ్ల విలువ ఆ రోజు అర్థం కాలేదు. ఆమె డబ్బులడగలేదు. తాత రెండు రొట్టెలు ఆమె చేతిలో పెట్టాడు. ఆమె తీసుకుంది. దండం పెట్టుకుని ముందుకు నడిచాం. ఒక చోట దారి సన్నబడుతుంది. ఒక భుజం బండకు రాసుకుంటుంది, ఇంకో పక్క ఖాళీ. అక్కడ తాత నా చేయి వదిలి, ముందు నన్ను నడవనిచ్చి, వెనకాల నా గౌను అంచు పట్టుకున్నాడు. కిందికి పోయేకొద్దీ చల్లబడుతుంది. ఎండ ఉండదు. మొహం మీద తుంపర పడ్డప్పుడు పైకి చూస్తే ఆకాశం గుడ్డపేలికంత కనిపించింది. గుహలో లింగమయ్యకు పూజ చేసింది చెంచాయనే.

ఇప్పుడు అదే చోట క్యాంప్ ఫైర్ అంటున్నారు. చైత్రంలో! బోద గడ్డి ఎండి అగ్గిపుల్ల దూరంలో ఉంటుంది. ఆకు రాలి నేలంతా గలగలలాడుతుంది. పులులుండే కోర్ అడవి అది. రాత్రి తొమ్మిదైతే మన్ననూర్‌లో గేటు వేసి, తెల్లారి ఆరు దాకా శ్రీశైలం రోడ్డు మీదే బండ్లను పోనివ్వరు. అట్లాంటి చోట మంట వేస్తారట. అంటుకుంటే వీళ్లు కార్లెక్కి వచ్చేస్తారు. గుడిసెలు ఎక్కడికి పోతాయి? పోయిన జాతరకు నేను చూశా, బండల సందుల్లో వాటర్ ప్యాకెట్లు, బిస్కెట్ కవర్లు. మన జాతర జనం వేసినవీ ఉన్నాయి, ఆ తప్పు మనదే, ఒప్పుకుంటా. నేనూ మా ఆయనా ఒక సంచి నిండా ఏరి తెచ్చాం. పక్కనే కేరింతలు కొడుతూ వీడియో తీసుకుంటున్న పిల్లలు మమ్మల్ని ఊడ్చేవాళ్లనుకుని, 'ఇదిగో ఇది కూడా' అని ఖాళీ సీసా మా సంచిలో వేశారు. తీసుకున్నా. ఏమనలేదు. నిన్న రాత్రి ఆ సీసా కూడా గుర్తొచ్చింది.

ఇందాక పెంటలో నాకు తెలిసిన ఒక తమ్ముడికి ఫోన్ చేశా. ఈ పోస్టర్‌లో చెప్పిన లోకల్ గైడ్ నువ్వేనా అని అడిగా. 'ఏమో అక్కా, ఎవరో ఫోన్ చేసిండ్రు, రోజుకు ఐదొందలు ఇస్తమన్నరు' అన్నాడు. నలభై మంది వస్తారనుకుంటే, మనిషికి 3,499. మీరే లెక్క వేసుకోండి. పోస్టర్‌లో మీ ఊరి పేరు రాయలేదని, పెంట అంటే నవ్వుతున్నారని చెప్పడానికి నాకు నోరు రాలేదు. వాడే అడిగాడు, 'మా ఊరి పేరు వేసిండ్రా అక్కా?' అని. సిగ్నల్ కట్ అయింది. నేనే కట్ చేశానో, నిజంగానే పోయిందో చెప్పను.

గ్రూపులో ఉన్న మీలో కొందరు ఇది చదువుతున్నారని తెలుసు. ఐదు నిమిషాల క్రితం అదే కామెంట్ మళ్లీ పెట్టా. ఈసారి ఒక్క లైనే: 'బేస్ క్యాంప్ పేరు రాంపూర్ పెంట.' తీసేస్తే మళ్లీ పెడతా. గ్రూపులోంచే తీసేస్తే ఇక్కడ పెడతా. హాస్టల్‌లో మూడేళ్లు నోరు మూసుకున్నా, ఇక మూసుకోను.