గడ్డను సూదితో తాకితే క్యాన్సర్ పాకుతుందా? బయాప్సీ మీద తిరుగుతున్న సందేశానికి ఖండన

‘ఒంట్లో గడ్డ కనిపిస్తే సూది గుచ్చనివ్వకండి. గుచ్చితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుంది. స్కాన్ తీస్తే తెలిసిపోతుంది. ఇన్ఫెక్షన్ అయితే మందులతో తగ్గిపోతుంది, దానికి బయాప్సీ అక్కర్లేదు. ల్యాబుకో రిపోర్టు ఇస్తారు. రిపోర్టు కావాలనే ఆలస్యం చేస్తారు.’ ఫోన్ల నుంచి ఫోన్లకు చేరుతున్న ఒక సందేశం సారాంశం ఇది. బయాప్సీ అంటే గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం. ఇందులో అక్కడక్కడా నిజం ముక్కలు కూడా కలిసి ఉన్నాయి, అందుకే చాలామంది నమ్ముతున్నారు. ఏది ఎంతవరకు నిజమో ఒక్కొక్కటిగా చూద్దాం.

‘సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుంది’

ఇందులో ఉన్న నిజం ఇంత: సూది బయటికి వచ్చే దారిలో కొన్ని కణాలు రాలి, అక్కడే పెరిగే అవకాశం ఉంది. కాలేయ క్యాన్సర్ బయాప్సీల మీద వచ్చిన అధ్యయనాలను 2008లో ఒకచోట చేర్చి లెక్కగడితే, ఇది సుమారు 2.7 శాతం మందిలో కనిపించింది. అదైనా సూది వెళ్లిన దారిలో లేచే చిన్న గడ్డ, ఒళ్లంతా పాకడం కాదు. క్యాన్సర్ కణం దూరపు అవయవంలో స్థిరపడాలంటే రక్తనాళంలోకి చొరబడాలి, రోగనిరోధక కణాలను తప్పించుకోవాలి, కొత్తచోట రక్తసరఫరా ఏర్పరచుకోవాలి. ఆ శక్తి వచ్చిన కణితి సూది కోసం ఆగదు.

మరి ‘బయాప్సీ చేశాకే ముదిరింది’ అని ఇన్ని కుటుంబాలు ఎందుకు చెబుతాయి? బయాప్సీలో క్యాన్సర్ అని తేలాకే కదా ఛాతీ, పొట్ట, ఎముకల స్కాన్లన్నీ తీసేది. అప్పటికే పాకి ఉన్నది అప్పుడు బయటపడుతుంది. ముందు బయాప్సీ, తర్వాత చెడ్డవార్త. వరస అలా ఉండటంతో కారణం కూడా అదే అనిపిస్తుంది.

కణాలు రాలకుండా తీసుకునే జాగ్రత్తలూ ఉన్నాయి. లోపలి అవయవాలకు కోయాక్సియల్ పద్ధతి వాడతారు: బయటి గొట్టం సూదిని ఒక్కసారే గడ్డ అంచుదాకా దించి, దాని లోపలి నుంచే ముక్క తీసే కోర్ సూదిని నాలుగైదుసార్లు పంపి ముక్కలు తీస్తారు. ముక్క తీసిన సూది ప్రతిసారీ దారి కణజాలాన్ని రాసుకుంటూ రాదు.

చేతులు, కాళ్ల ఎముకల్లోనూ కండరాల్లోనూ వచ్చే సార్కోమా అనే క్యాన్సర్ల దగ్గర మాత్రం బయాప్సీ ఎవరు, ఎక్కడ, ఎలా చేశారన్నది నిజంగా ప్రాణాల మీదికి వచ్చే విషయం. తర్వాత ఆపరేషన్ చేసే సర్జనే సూది దారిని నిర్ణయించాలి, ఆ దారి రేపటి కోత గీత మీదే ఉండాలి. తెరిచి ముక్క తీయాల్సి వస్తే కోత కాలు పొడవునా పెట్టాలి, అడ్డంగా పెట్టకూడదు. వేరే కండరాల అరలోకి గానీ ప్రధాన నరం, రక్తనాళం మీదికి గానీ వెళ్లకూడదు. రక్తం పూర్తిగా ఆపాలి, ఎందుకంటే గూడుకట్టిన రక్తంతోపాటు కణాలు కూడా చుట్టూ వ్యాపిస్తాయి. రక్తం, నీరు బయటికి పోవడానికి డ్రెయిన్ గొట్టం పెడితే కోత వరసలోనే పెట్టాలి. 1982లో అమెరికా ఎముకల సర్జన్ హెన్రీ మాన్‌కిన్ బృందం ఇలాంటి 329 మంది రోగుల వివరాలు పరిశీలించింది. 18.2 శాతం మందిలో రోగనిర్ధారణ పెద్దగా తప్పింది. 4.5 శాతం మందికి బయాప్సీ సరిగా జరగనందువల్లే, అవసరం లేని అంగచ్ఛేదన జరిగింది. చికిత్స చేసే కేంద్రంలో కాకుండా, అక్కడికి పంపకముందే వేరేచోట బయాప్సీ చేసినప్పుడు ఈ తప్పులు చాలా ఎక్కువ. ఈ లెక్కలు చూసి బయాప్సీ మానుకోకూడదు. సార్కోమా అనుమానం ఉంటే ముక్క తీయించకముందే ఆ చికిత్స చేసే కేంద్రానికి వెళ్లాలి.

సూది పెట్టకూడని సందర్భాలు కూడా నిజంగానే ఉన్నాయి. వృషణంలో క్యాన్సర్ అనుమానిస్తే తిత్తి మీదుగా సూది గుచ్చరు, గజ్జ దగ్గర కోసి వృషణాన్నే తీసి పరీక్షిస్తారు. సిరోసిస్‌తో గట్టిపడిన కాలేయంలో గడ్డ స్కాన్లో కాలేయ క్యాన్సర్ లక్షణాలన్నీ స్పష్టంగా చూపిస్తే ముక్క లేకుండానే చికిత్స మొదలుపెట్టవచ్చు. పిల్లల కంట్లో రెటీనోబ్లాస్టోమా అనే క్యాన్సర్ అనుమానం ఉన్నా సాధారణంగా సూది పెట్టరు. మూత్రపిండం మీదుండే అడ్రినల్ గ్రంథిలో గడ్డకైతే ముందు మెటానెఫ్రిన్లనే హార్మోన్ పదార్థాల పరీక్ష చేస్తారు, ఎందుకంటే అది ఆ హార్మోన్లను వదిలే ఫియోక్రోమోసైటోమా అనే కణితి అయితే సూది తగలగానే రక్తపోటు ప్రమాదకరంగా ఎగబాకుతుంది. ఇవి ఎంచి చూసిన మినహాయింపులు, గడ్డలన్నిటికీ వర్తించే సూత్రం కాదు.

నిజంగా జాగ్రత్త పడాల్సిన ప్రమాదాలు వేరే ఉన్నాయి. లోపలి అవయవాల్లో రక్తస్రావం ఒకటి, ఊపిరితిత్తి బయాప్సీలో గాలి లీకవడం ఇంకొకటి. అందుకే రక్తం ఎలా గడ్డకడుతుందో తెలిపే ప్లేట్‌లెట్లు, ఐఎన్‌ఆర్ పరీక్షలు ముందు చూస్తారు. లోతైన అవయవానికి ప్లేట్‌లెట్లు 50 వేలకు పైన ఉండాలని కోరుకుంటారు. వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం గడ్డకట్టకుండా చూసే మందులు వాడుతుంటే ముందే చెప్పాలి. గుండెలో స్టెంట్ ఉన్నవాళ్లు మాత్రం వాటిని సొంతంగా ఆపకూడదు.

‘స్కాన్ చాలు’

పెట్ స్కాన్ చూపించేది గ్లూకోజు ఎక్కువగా ఖర్చవుతున్న చోటును. క్యాన్సర్ అలా వెలుగుతుంది. క్షయ (టీబీ), ఫంగస్, సార్కోయిడోసిస్ అనే వాపు జబ్బు కూడా అలాగే వెలుగుతాయి. పిల్లల ఎముకలో వచ్చే యూయింగ్ సార్కోమా క్యాన్సర్‌కీ ఎముక ఇన్ఫెక్షన్‌కీ లక్షణాలు దాదాపు ఒకటే: నొప్పి, జ్వరం, రక్తపరీక్షలో పెరిగిన ఈఎస్‌ఆర్, ఎక్స్‌రేలో ఎముక పొరలు పొరలుగా లేవడం. మూత్రపిండంలో దీర్ఘకాల ఇన్ఫెక్షన్ వల్ల వచ్చే క్సాంథోగ్రాన్యులోమాటస్ పైలోనెఫ్రైటిస్ అచ్చం క్యాన్సర్ గడ్డలా కనిపిస్తుంది. ముక్క ఎక్కడి నుంచి తీయాలో చెప్పడంలో మాత్రం స్కాన్‌కు సాటి లేదు. గడ్డ మధ్యలో చచ్చిన భాగం నుంచి తీస్తే రిపోర్టులో ‘నెక్రోసిస్’ (చచ్చిన కణజాలం) అని తప్ప ఏమీ రాదు. బతికున్న అంచు నుంచి తీయాలి. చీముగడ్డ అయితే చీముతోపాటు దాని గోడ ముక్క కూడా పంపాలి.

‘ఇన్ఫెక్షన్ అయితే బయాప్సీ ఎందుకు, మందు వేసి చూస్తే సరి’

ఈ సందేశంలో ఎక్కువ నష్టం చేసే వాక్యం ఇదేనని మా అభిప్రాయం. ఇన్ఫెక్షన్‌ను పట్టుకోవడానికి బయాప్సీ ఎంత ముఖ్యమో చాలామందికి తెలియదు. ఎముకల సర్జన్లకు పాత నియమం ఒకటుంది: బయాప్సీ చేసిన ప్రతిదాన్నీ కల్చర్‌కు (క్రిములను పెంచి చూసే పరీక్షకు) పంపు, కల్చర్‌కు పంపిన ప్రతిదాన్నీ బయాప్సీ చెయ్యి. కణితి అనుకున్నది ఇన్ఫెక్షన్ కావచ్చు, ఇన్ఫెక్షన్ అనుకున్నది కణితి కావచ్చు.

అక్కడ జరిగే పొరపాటు చాలా చిన్నది: ముక్క మొత్తం, కణజాలం చెడకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవపు సీసాలో వేసేస్తారు. ఫార్మలిన్ క్రిములన్నిటినీ చంపేస్తుంది, ఇక కల్చర్ రాదు. డీఎన్‌ఏ కూడా దెబ్బతిని, దాన్ని బట్టి క్రిమిని గుర్తించే పీసీఆర్ పరీక్షలు బలహీనపడతాయి. అందుకే థియేటర్‌లోనే ముక్కను పంచాలి. ఒక భాగం 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో, ముక్కకు కనీసం 10 రెట్లు ద్రవంతో, వెడల్పు మూతి సీసాలో వేయాలి. ఫార్మలిన్ గంటకు దాదాపు ఒక మిల్లీమీటరే లోపలికి ఇంకుతుంది కాబట్టి పెద్ద ముక్కను కోయకుండా ముంచితే నడిమి భాగం పాడైపోతుంది. రెండో భాగం స్టెరైల్ సీసాలో, ఆరిపోకుండా కొద్దిగా స్టెరైల్ సెలైన్‌తో, వీలైనంత త్వరగా మైక్రోబయాలజీకి చేరాలి. దూది పుల్లతో తుడిచి పంపిన స్వాబ్ ముక్కకు ప్రత్యామ్నాయం కాదు. లింఫోమా (లింఫు కణాల క్యాన్సర్) అనుమానం కూడా ఉంటే మూడో భాగం కణాల రకాలను లెక్కించే ఫ్లో సైటోమెట్రీకి తాజాగానే వెళ్లాలి.

‘కల్చర్’ అని మాత్రమే రాస్తే ల్యాబ్ మామూలు బ్యాక్టీరియాకే పెడుతుంది. టీబీ, ఫంగస్ అని విడిగా రాయాలి. మ్యూకార్ అనే ఫంగస్ అనుమానం ఉంటే ఆ మాట పెద్దక్షరాలతో రాసినా తప్పులేదు, ఎందుకంటే దాని తీగలు పెళుసు. ముక్కను మెత్తగా నూరితే అవి చచ్చిపోయి కల్చర్ రాదు, సన్నగా తరగాలి. మైక్రోస్కోపు కింద మ్యూకార్ తీగలు వెడల్పుగా, లోపల అడ్డుగోడలు దాదాపు లేకుండా, లంబకోణంలో చీలుతూ కనిపిస్తాయి. ఆస్పర్‌జిల్లస్ అనే మరో ఫంగస్ తీగలు సన్నగా, అడ్డుగోడలతో, 45 డిగ్రీల కోణంలో చీలతాయి. ఈ తేడాను బట్టే మందు మారుతుంది. ఆస్పర్‌జిల్లస్‌కు వాడే వోరికొనజోల్ మ్యూకార్‌కు పనిచేయదు.

టీబీలో కణజాలంలో క్రిములు చాలా కొద్దిగా ఉంటాయి. స్లైడు మీద కనిపించాలంటే మిల్లీలీటరుకు వేల సంఖ్యలో ఉండాలి కాబట్టి ‘క్రిములు కనబడలేదు’ అంటే టీబీ లేదని కాదు. గ్రాన్యులోమా (రోగనిరోధక కణాల గుంపు) ఒక్కటే కనిపించినా టీబీ అని తేల్చలేం. ఫంగస్‌లోనూ సార్కోయిడోసిస్‌లోనూ, కొన్నిసార్లు లింఫోమా పక్కనా అది ఉంటుంది. అందుకే కల్చర్, జన్యు పరీక్ష తోడు కావాలి. కుష్ఠు క్రిమి మాత్రం ఏ కల్చర్ మాధ్యమంలోనూ పెరగదు. అక్కడ మచ్చ చురుకైన అంచు నుంచి, కింది కొవ్వుదాకా తీసిన చర్మపు ముక్కకు ఆ క్రిమికి పట్టే ఫైట్ స్టెయిన్ అనే రంగు వేసి చూడాలి.

రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లలో చర్మం మీద ఎర్రగా లేచే గడ్డలు కపోసీ సార్కోమా అనే క్యాన్సర్ అనిపించవచ్చు. వాటిలో కొన్ని బార్టోనెల్లా అనే బ్యాక్టీరియా పని. వార్థిన్-స్టారీ స్టెయిన్ వేస్తే క్రిములు నల్లగా కనబడతాయి, డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్‌తో నయమవుతుంది. ముక్క లేకుండా ఈ తేడా ఎవరూ చెప్పలేరు.

ఇక ‘మందు వేసి చూడటం’ సంగతి. యాంటీబయాటిక్ మొదలుపెట్టాక తీసిన ముక్కలో కల్చర్ తరచూ ఖాళీగా వస్తుంది. స్టెరాయిడ్లు ఇంకా ప్రమాదం. లింఫోమా, ముఖ్యంగా మెదడులోది, వాటికి కొన్నాళ్లపాటు కరిగిపోయి బయాప్సీలో దొరకకుండా పోతుంది, ఆ తర్వాత తిరిగొస్తుంది. రోగి స్థితి నిలకడగా ఉంటే ముక్క ముందు, మందు తర్వాత. ఇన్ఫెక్షన్ ఒళ్లంతా ముదిరి రక్తపోటు పడిపోతూ సెప్సిస్‌లో ఉన్నవాళ్లకు మాత్రం మందు ఆపకూడదు.

‘ల్యాబుకో రిపోర్టు’

అరుదైన కణితుల్లో ఇది జరుగుతుంది, దానికి కారణాలున్నాయి. సన్నసూదితో తీసిన విడి కణాల్లో కణజాలపు అమరిక కనిపించదు. లింఫోమాకైతే మొత్తం లింఫు గ్రంథి తీసి చూడటమే మేలు. కికుచి వ్యాధిలో తనంతట తానే తగ్గిపోయే లింఫు గ్రంథి వాపు లింఫోమాలా కనిపించి మోసం చేయగలదు. ఎముక ముక్కను మెత్తబరచడానికి ఘాటైన ఆమ్లం వాడితే జన్యు పరీక్షలు పనికిరావు, ఈడీటీఏ అనే మృదువైన రసాయనం వాడాలి. అన్నిటికంటే ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఫారంలో ‘గడ్డ’ అని మాత్రమే రాసి పంపడం. వయసు, గడ్డ చోటు, ఎన్నాళ్లుగా ఉంది, స్కాన్లో ఏముంది, ముందు ఏ మందులు వాడారు, ఇవన్నీ పెథాలజిస్టుకు తెలియాలి. రెండో అభిప్రాయం కావాలంటే కొత్తగా సూది గుచ్చక్కర్లేదు. ముక్కను భద్రపరిచిన మైనపు బ్లాకులు, స్లైడ్లు అడిగి తీసుకెళ్లవచ్చు.

‘కావాలనే ఆలస్యం’

ఫార్మలిన్‌లో స్థిరపడటానికి కొన్ని గంటలు, రాత్రంతా యంత్రంలో ప్రాసెసింగ్, మర్నాడు 3 నుంచి 5 మైక్రాన్ల మందంలో కోసి రంగులు వేయడం. కణాల్లోని ప్రొటీన్లను గుర్తించే ఐహెచ్‌సీ పరీక్ష కావాలంటే మరికొన్ని రోజులు, ఎముకను మెత్తబరచాలంటే ఇంకొన్ని. టీబీ ద్రవ కల్చర్‌ను 6 వారాలదాకా చూశాకే నెగెటివ్ అంటారు. అన్నీ ఆలస్యమే కావు: టీబీ జన్యు పరీక్ష యంత్రంలో దాదాపు 2 గంటలు, ఫంగస్‌కు ముక్కను క్షారంలో కరిగించి మైక్రోస్కోపు కింద చూసే కేఓహెచ్ పరీక్ష అదే రోజు. మ్యూకార్ అనుమానం ఉంటే రాతపూర్వక రిపోర్టు కోసం ఆగకుండా ల్యాబుకు ఫోన్ చేసి అడగమని డాక్టరును కోరండి.