పాట పుట్టిన రోజే రాసుకోవాల్సిన కాగితం

1847లో పారిస్‌లోని ఓ కెఫేలో గొడవ జరిగింది. పాటలు రాసే ఎర్నెస్ట్ బూర్జే, బాణీలు కట్టే తన మిత్రులతో కలిసి అక్కడ కూర్చున్నాడు. లేచి వెళ్లేటప్పుడు బిల్లు కట్టమంటే ససేమిరా అన్నారు. తమ పాటలు వాయించి జనాన్ని రప్పించుకుంటూ తమకేమీ ఇవ్వనివాళ్లకు తామెందుకు ఇవ్వాలన్నది వాళ్ల వాదన. వ్యవహారం కోర్టుకెక్కింది, పాటలవాళ్లే గెలిచారు. దాని కొనసాగింపుగా 1851లో సాసెమ్ అనే సంస్థ పుట్టింది. పాట బయట మోగిన చోటల్లా డబ్బు వసూలు చేసి, రాసినవాళ్లకు, బాణీ కట్టినవాళ్లకు పంచే ఇప్పటి సంస్థలకు అది పెద్దక్క లాంటిది.

సంగీతంలో నిలదొక్కుకోవడం ఎలా అని ఎవరినడిగినా సాధన చెయ్యమంటారు, సొంత ముద్ర తెచ్చుకోమంటారు, ఓపిక పట్టమంటారు. అందులో తప్పేం లేదు. అయితే ఆ మూడూ ఉన్నవాళ్లు కూడా పదేళ్లు తిరిగేసరికి వేరే ఉద్యోగం వెతుక్కుంటూ కనిపిస్తారు. వాళ్లలో చాలామంది పాట పుట్టిన రోజున ఒక ప్రశ్న అడగలేదని నా అనుమానం. ఇందులో ఎవరిది ఎంత?

నలుగురు స్టూడియోలో కూర్చున్నారనుకుందాం. ఒకరు సాహిత్యం రాశారు, ఇంకొకరు ట్యూన్ కట్టారు, ఒకమ్మాయి పాడింది. మధ్యలో ఖాళీగా ఉన్న కీబోర్డు అబ్బాయి సరదాగా నాలుగు స్వరాలు వాయిస్తే అందరూ ‘ఇదే, ఇదే, మళ్లీ వాయించు’ అన్నారు. పల్లవి మొదలవకముందే జనం పాటను గుర్తుపట్టే బిట్ అదే అయింది. ఆ రాత్రి ఎవరూ కాగితం మీద ఏమీ పెట్టలేదు. మనవాళ్లే కదా, అడిగితే ఏమనుకుంటారోనన్న మొహమాటం. మూడేళ్లయ్యాక ఆ బిట్ ఒక ప్రకటనకు అమ్ముడుపోయింది. అది తన ట్యూన్‌లో భాగమేనన్నాడు ట్యూన్ కట్టినాయన. కీబోర్డు అబ్బాయికి దక్కింది ఆ రోజు సెషన్‌కి ఇచ్చిన డబ్బే, అదీ ఎప్పుడో ఖర్చయిపోయింది.

ఈ నలుగురివీ కల్పిత పాత్రలే గానీ కథ మాత్రం ఈ రంగంలో ఉన్నవాళ్లకు కొత్త కాదు. స్ప్లిట్ షీట్ అని ఒక్క పేజీ కాగితం ఉంటుంది. పాట పేరు, పనిచేసినవాళ్ల పేర్లు, ఎవరికెంత శాతమో రాసి అందరూ సంతకం పెడతారు. పది నిమిషాల పని. పాటకింకా ఏ విలువా లేని రోజున దాని మీద ఎవరూ పోట్లాడరు. హిట్టయ్యాక రాసుకోవాలంటే లాయర్లు కావాలి.

అసలు పాట అన్నది ఒకే ఆస్తి కాదు, రెండు. సాహిత్యమూ బాణీ కలిసి ఒకటి, స్టూడియోలో తయారైన రికార్డింగ్ ఇంకొకటి. రెండోదాన్నే మాస్టర్ అంటారు. మీ పాటను వేరేవాళ్లు మళ్లీ పాడి రికార్డు చేస్తే మొదటి ఆస్తి ఉన్నవాళ్లకు డబ్బు వస్తుంది, మీ మాస్టర్‌కు రాదు. అమెరికాలో ఇంకో వింత ఉంది. అక్కడ ఎఫ్ఎం రేడియోలో పాట వేస్తే రాసినవాళ్లకు, బాణీ కట్టినవాళ్లకు రాయల్టీ వస్తుంది గానీ పాడినవాళ్లకు రాదు. కాబట్టి ‘పాట నాదే’ అనేముందు ఏ సగం మనదో చూసుకోవాలి. అమెరికన్ గాయని టేలర్ స్విఫ్ట్ మొదటి ఆరు ఆల్బమ్‌ల మాస్టర్లు 2019లో ఆమెకు దక్కకుండా చేతులు మారాయి. పాటల రచయితగా ఆమెకున్న హక్కు మాత్రం అలాగే ఉంది. అందుకే 2021 నుంచి పాత ఆల్బమ్‌లను మళ్లీ రికార్డు చేసి విడుదల చేయగలిగింది. ఆ మొదటి సగం కూడా రాసిచ్చేసిన గాయకులకు అంత తేలిక కాదు.

కంపెనీ ఇచ్చే అడ్వాన్స్ గురించి కూడా చాలామంది పొరబడతారు. అది బహుమతి కాదు, రాబోయే రాయల్టీలోంచి కోసుకునే సొమ్ము. స్టూడియో ఖర్చు, కొన్నిచోట్ల వీడియో ఖర్చు కూడా ఆ ఖాతాలోనే పడుతుంది. అదంతా తీరేదాకా కళాకారుడి వాటా పుస్తకాల్లో కనిపిస్తుంది, బ్యాంకుకు మాత్రం రాదు.

ఇక స్ట్రీమింగ్. ఒక్కో ప్లేకి ఇంత అని ఖాయమైన రేటు ఉంటుందని అనుకుంటాం. చాలా సర్వీసుల్లో జరిగేది వేరు. వచ్చిన మొత్తంలో హక్కుదారుల వాటాను ఒక రాశిగా పోసి, మొత్తం ప్లేలలో మీ పాటవి ఎన్నో చూసి ఆ మేరకు పంచుతారు. అంటే మీ శ్రోతలు తగ్గకపోయినా మిగతావాళ్ల పాటలు ఎక్కువ మోగితే మీ వాటా తగ్గుతుంది. స్పాటిఫై 2024 నుంచి ఇంకో గీత గీసింది. గడిచిన 12 నెలల్లో కనీసం 1,000 ప్లేలు లేని పాటకు రికార్డింగ్ రాయల్టీ లెక్కలోకే రాదు. ఈ సంగతి తెలిస్తే వారానికో పాట వదలాలన్న టెన్షన్ కొంత తగ్గుతుంది. ఎవరూ వినని ముప్పై పాటల కంటే, మనసుపడి మళ్లీ మళ్లీ వినే మూడు పాటలు మేలు. రీల్స్ చెయ్యాలా వద్దా అని తలపట్టుకోవడం ఎందుకు? చేస్తే చెయ్యండి, అది చాటింపు పని. చాటింపు వేసేవాడికి పంటలో వాటా ఉండదు.

డబ్బు సంగతి ఇలా చక్కబెట్టుకున్నా, చెవి పోతే చేసేదేమీ లేదు. పని ప్రదేశాల్లో చప్పుడు గురించి అమెరికాలోని నియోష్ సంస్థ చెప్పిన లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ దగ్గర రోజుకు ఎనిమిది గంటలు ఉండొచ్చు. ఆ పైన ప్రతి మూడు డెసిబెల్స్‌కి గడువు సగమవుతుంది. 88 అయితే నాలుగు గంటలు, 94 అయితే గంట, 100 అయితే 15 నిమిషాలు. డ్రమ్స్ పక్కన నిలబడి చేసే ఒక్క సౌండ్ చెక్‌లోనే ఆ 15 నిమిషాలు దాటిపోతాయి. సంగీతకారుల కోసం చేసే ఇయర్ ప్లగ్స్ లోతైన స్వరాల నుంచి కీచు స్వరాల దాకా అన్నిటినీ దాదాపు సమానంగా తగ్గిస్తాయి, శ్రుతి మసకబారదు. అయినా పెట్టుకోవడం నామోషీ అనుకునే వాద్యగాళ్లున్నారు. నలభై ఏళ్లకే చెవిలో కీచుమంటున్నప్పుడు ఆ నామోషీ ఏమైపోతుందో!

చేతుల మాటకొస్తే లియోన్ ఫ్లైషర్ గుర్తొస్తారు. 1928లో పుట్టిన ఈ అమెరికన్ పియానిస్టు పేరు మోగిపోతున్న రోజుల్లో, 1960ల నడుమ, కుడిచేతి వేళ్లు రెండు ముడుచుకుపోవడం మొదలుపెట్టాయి. ఫోకల్ డిస్టోనియా. కండరాలకు జబ్బేమీ ఉండదు, కండరాన్ని నడిపే మెదడే తప్పు సంకేతం పంపుతుంది. ఇంకా గట్టిగా సాధన చేస్తే నయమయ్యే సమస్య కాదు. ఆయన ఎడమచేతి కోసమే రాసిన సంగీతం వాయించారు, ఆర్కెస్ట్రాలు నడిపారు. పాఠాలు చెప్పడం మాత్రం చెయ్యి పాడయ్యాక వెతుక్కున్న పని కాదు. చెయ్యి బాగున్నప్పుడే, 1959 నుంచే, బాల్టిమోర్‌లోని పీబాడీ సంగీత కళాశాలలో శిష్యులకు నేర్పుతున్నారు. వేదిక ఎక్కలేని వాడే గురువవుతాడని వెటకారం చేసేవాళ్లు ఈ తేదీలు ఒకసారి పక్కపక్కన పెట్టి చూడాలి. 1990ల్లో బొటాక్స్ ఇంజెక్షన్లతో ఆ వేళ్లు కొంత స్వాధీనంలోకి వచ్చాయి. రెండు చేతులతో వాయించిన ఆల్బమ్ 2004లో వచ్చింది. అప్పటికి ఆయనకు డెబ్భై అయిదు నిండాయి. పీబాడీలో పాఠాలు అప్పటికీ ఆపలేదు.