ఆట ఎవరిదో, అభ్యంతరం అందరిదీ

పాత కంప్యూటర్ ఆర్పీజీని (పాత్ర ధరించి ఆడే ఆటను) డబ్బిచ్చి, చట్టబద్ధంగా కొనుక్కుని ఆడాలనే దురాశ కొందరిలో ఇంకా చావలేదు. ఆటలో డ్రాగన్‌ను చంపడానికి కత్తి ఉంటే చాలు. ఆ డ్రాగన్ ఎవరి పేరు మీద ఉందో తేల్చాలంటే మాత్రం ట్రేడ్‌మార్క్ రిజిస్టరు, కాపీరైట్ బదిలీల రికార్డు, దివాలా కోర్టు ఫైళ్ళు అనే మూడు గుహలు దిగాలి. మూడింట్లోనూ దీపం ఉండదు.

ముందుగా ఒక అపోహ వదిలించుకోవాలి. 'ఆట హక్కులు' అనే ఆస్తి లోకంలో లేదు. పేరు ట్రేడ్‌మార్క్ కిందికి వస్తుంది. కోడు, బొమ్మలు, సంభాషణలు కాపీరైట్ కిందికి వస్తాయి. పాచికల లెక్కలు, రాక్షసుల పేర్లు ఏ బల్లమీది ఆట నుంచో లైసెన్సు మీద తెచ్చుకున్నవి. వీడియో ఆడించే రెడీమేడ్ కోడు (లైబ్రరీ) ఒకరిది, శబ్దం వినిపించేది ఇంకొకరిది. పంపకాల్లో పెరడు అన్నకు, బావి తమ్ముడికి, గిలక మేనత్తకు వచ్చిన ఇల్లు ఇది. ప్రతి వాటాదారుకూ 'వీల్లేదు' అనే హక్కు పూర్తిగా దక్కుతుంది. 'సరే' అనే హక్కు మాత్రం ఎవరి వాటాలోనూ పడదు.

1988 నాటి వేస్ట్‌ల్యాండ్‌నే తీసుకోండి. తయారు చేసింది ఇంటర్‌ప్లే, ప్రచురించింది ఎలక్ట్రానిక్ ఆర్ట్స్. పేరు ప్రచురణకర్త దగ్గరే ఉండిపోయింది. దాంతో ఇంటర్‌ప్లే వారు అణుయుద్ధంలో మాడిపోయిన అమెరికాను మళ్ళీ మొదటి నుంచి మాడ్చి, 1997లో ఫాలౌట్ అని పేరు పెట్టారు. ఇందులో తప్పేమీ లేదు. కాపీరైట్ వ్యక్తీకరణకే గాని ఆలోచనకు వర్తించదు, ఆట నియమాలకూ వర్తించదు. లోకం నాశనమవడం ఇప్పటికైతే ఎవరి సొత్తూ కాదు. ఆ ఫాలౌట్‌నైనా మొదట స్టీవ్ జాక్సన్ గేమ్స్ వారి గర్ప్స్ నియమావళి మీద కట్టారు. ఒప్పందం చెడింది. అద్దె పునాది తీసేసి, 'స్పెషల్' అనే సొంత పునాదిని ఇంటి కింద దూర్చారు.

అసలు కళాఖండం ఆ తర్వాత వచ్చింది. 2007లో ఇంటర్‌ప్లే ఫాలౌట్‌ను 57.5 లక్షల డాలర్లకు బెథెస్డా అనే మరో ఆటల కంపెనీకి అమ్మేసింది. అమ్ముతూనే పాత ఆటలు అమ్ముకునే వీలు, ఆన్‌లైన్ ఫాలౌట్ తయారుచేసే లైసెన్సు తన దగ్గర అట్టిపెట్టుకుంది. దానికి షరతు ఏమిటంటే, 2009 ఏప్రిల్‌లోగా 3 కోట్ల డాలర్ల పెట్టుబడి సంపాదించి పూర్తిస్థాయి పని మొదలుపెట్టాలి. ఇల్లు అమ్ముకున్నవాడు మేడ కడతాననడం, కొన్నవాడు దానికి గడువు పెట్టడం, ఇద్దరూ గంభీరంగా సంతకాలు చేయడం! షరతు తీరలేదని బెథెస్డా కోర్టుకెక్కింది. 2012 జనవరిలో రాజీ కుదిరింది. తాను కొన్న ఇంటి పైకప్పు కోసం బెథెస్డా మరో 20 లక్షల డాలర్లు చెల్లించింది. పాత ఆటల అమ్మకం 2013 చివరి దాకా ఇంటర్‌ప్లేకే ఉంది. న్యాయవాద వృత్తి ఎందుకు వర్ధిల్లుతోందో ఇంకా సందేహమా?

వేస్ట్‌ల్యాండ్ పేరు మాత్రం చేతులు మారి జపాన్ ఆటల కంపెనీ కొనామి దాకా వెళ్ళి, ఇంటర్‌ప్లే స్థాపకుడు బ్రయన్ ఫార్గో పెట్టిన కొత్త కంపెనీ ఇన్‌ఎక్సైల్‌కు చేరింది. రెండో భాగం 2014లో వచ్చింది. తప్పిపోయిన బిడ్డ ఇరవయ్యారేళ్ళకు ఇంటికొచ్చిందని కళ్ళు తుడుచుకోవచ్చు.

ఇక సిస్టమ్ షాక్ 2. తయారీదారు లుకింగ్ గ్లాస్ 2000లో మూతపడితే ఆట కాపీరైట్ ఒక బీమా కంపెనీకి, స్టార్ ఇన్సూరెన్స్‌కు పోయింది. పేరు ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ దగ్గర మిగిలింది. ఆట ఉన్నవారికి పేరు లేదు, పేరు ఉన్నవారికి ఆట లేదు. అందుకే పేరు మార్చుకున్న 'ఆధ్యాత్మిక వారసుడు' బయోషాక్ 2007లో వచ్చాడు. దీన్ని మన పెద్దలు పరకాయ ప్రవేశం అన్నారు. తేడా ఒక్కటే: ఆ రోజుల్లో వదిలిన శరీరానికి బీమా ఉండేది కాదు. చివరికి పాత ఆటలను మళ్ళీ అమ్మకానికి తెచ్చే నైట్‌డైవ్ వారు వెళ్ళి బీమా కంపెనీ తలుపు తట్టాకే 2013లో ఆట మళ్ళీ అమ్మకానికొచ్చింది.

ఇంత విన్నాక కూడా హక్కుల వారసుణ్ణి వెతకబోయే ధైర్యవంతులకు కొన్ని జాగ్రత్తలు. అమెరికా ట్రేడ్‌మార్క్ రిజిస్టరులో పేరు 'డెడ్' అని కనిపించగానే పండగ చేసుకోకండి. రిజిస్ట్రేషన్ చచ్చినా, వాడకం వల్ల పుట్టిన హక్కు బతికే ఉండొచ్చు. వరసగా మూడేళ్ళు వాడకపోతే వదిలేసినట్టు చట్టం భావిస్తుంది, అంతే. కాదని నిరూపించుకునే అవకాశం పాతవారికి ఉంటుంది. కాపీరైట్ బదిలీని నమోదు చేయించడం అక్కడ తప్పనిసరి కాదు, కాబట్టి రికార్డులో లేనంత మాత్రాన అమ్మకం జరగలేదని అనుకోకూడదు. దివాలా ఫైళ్ళలో 'ఇతర మేధో ఆస్తులు' లాంటి ఒక్క పంక్తి కిందే మీ బాల్యమంతా పడి ఉండొచ్చు. డిస్కుల కాలపు ఒప్పందమైతే డౌన్‌లోడ్ అమ్మకాల ఊసే ఎత్తదు. ఆ మౌనానికి ఎవరి వకీలు అర్థం వారు చెబుతారు.

ఇవేవీ వద్దు, గడువు తీరేదాకా ఆగుతానంటారా? కంపెనీ ఉద్యోగంలో భాగంగా తయారైన కృతికి అమెరికాలో ప్రచురణ నుంచి 95 ఏళ్ళు. వేస్ట్‌ల్యాండ్ మీద కాపీరైట్ 2083 డిసెంబరు 31తో ముగుస్తుంది. తెల్లారి లేచి నిరభ్యంతరంగా ఆడుకోవచ్చు. ఫ్లాపీ డ్రైవ్ మాత్రం మీరే తెచ్చుకోవాలి.

వాటాదారులంతా దొరికి, అందరూ ఒకే రోజున 'సరే' అన్నారనుకుందాం. బాల్డుర్స్ గేట్ అనే పాత ఆర్పీజీకి కొత్త రంగు వేసి తెచ్చిన కంపెనీ బీమ్‌డాగ్, ఐస్‌విండ్ డేల్ అనే మరో ఆటకూ అలాగే చేసింది. ఐస్‌విండ్ డేల్ 2 దగ్గర ఆగిపోయింది. ఈసారి అడ్డుపడింది దాయాదులు కాదు. ఆటను రాసిన అసలు కోడు, అంటే సోర్స్ కోడ్, ఎంత వెతికినా కనపడలేదు.