డెసీమీటరుకు కుర్చీ వేయని పాపం

అద్దం వచ్చింది. నల్లగొండలో ఓ ట్యూషన్ గది, గోడకూ తలుపుకూ మధ్య ఇరికించిన బల్ల, దాని మీదికి 8 మిల్లీమీటర్ల టఫెన్డ్ గ్లాసు. బల్ల పొడవు 1 మీటరు 5 సెంటీమీటర్లు. ట్రాలీ ఆటోలోంచి ఇద్దరు మోసుకొచ్చిన అద్దం మాత్రం మీటరున్నర. కొలత పంపింది స్వయానా లెక్కల సారు. ఆ సారెవరని అడగొద్దు, మొహం ఇంకా ఎర్రగానే ఉంది.

సారు వాట్సాప్‌లో పంపింది ఇదీ: పొడవు 1.5 మీటర్లు, వెడల్పు 60 సెంటీమీటర్లు. దుకాణాయన బదులుగా ఒక బొటనవేలు పంపి ఊరుకున్నాడు. అంగుళాలు, సూత్‌లు (అంగుళంలో ఎనిమిదో వంతు) చెప్పే మామూలు మనిషైతే మూడుసార్లు అడుగుతాడు. లెక్కల సారు అనేసరికి ఎక్కడలేని నమ్మకం!

టేపుదీ తప్పుంది. కొన్ని టేపుల్లో మీటరు దగ్గర ఎర్ర గుర్తు వేసి, అక్కణ్నుంచి మళ్లీ 1, 2, 3 అని మొదలుపెడతారు. సారు కంటికి ఒకటి, ఆ తర్వాత ఐదు కనబడ్డాయి. నడుమ చుక్క పెట్టేశారు. క్రికెట్‌లో 1.5 అంటే ఒక ఓవరు, ఐదు బంతులు. ఉప్పల్ స్టేడియంలో చెల్లే ఆ లెక్క గాజు దుకాణంలో చెల్లదు.

అసలు దోషి డెసీమీటరు, అంటే మీటరులో పదో వంతు. కిలో, హెక్టా, డెకా, మీటరు, డెసీ, సెంటీ, మిల్లీ అని పిల్లలు పాటలా అప్పజెప్తారు. ఒక మెట్టు దిగితే పదితో గుణించాలి, ఎక్కితే పదితో భాగించాలి. కానీ బజారులో డెసీని పలకరించేవాడు లేడు. బట్టకు మీటరు, ప్లైవుడ్‌కు మిల్లీమీటరు, హైదరాబాద్ రోడ్డుకు కిలోమీటరు. పెండ్లి పత్రికలో పేరు వేసి బంతిలో కూర్చోబెట్టని చుట్టం లాంటిది డెసీ. అయినా చుక్క తర్వాత మొదటి కుర్చీ దానిదే, సెంటీమీటరుది రెండోది. రానివాడి కుర్చీలో సున్నానైనా కూర్చోబెట్టాలి: 1.05. లేకపోతే వెనక ఉన్న 5 ముందుకొచ్చి కూర్చుంటుంది, 5 సెంటీమీటర్లు 50 అయిపోతాయి. పుస్తకాల్లో లెక్కలేమో అన్నీ గుండ్రటివి. సాగర్ గేటు వెడల్పు 14 మీటర్లు, సెంటీమీటర్లలో ఎంత? 1,400. ఇందులో సున్నాకు పరీక్షేముంది?

వర్క్‌షాపుల వాళ్లు అందుకే మొత్తం మిల్లీమీటర్లలో రాసుకుంటారు. మీటరును 1,000 చేసి, 5 సెంటీమీటర్లను 50 చేసి కలిపితే 1,050. వెడల్పు 600. చుక్క ఊసే లేదు.

సరే, అద్దాన్ని గోడకు ఆనించి బల్ల మీద పెట్టారు. రెండో చివర గాల్లోకి పొడుచుకొచ్చి, సగం తలుపుకు అడ్డం నిలబడింది. అందరూ గమ్మున ఉన్నారు. ఐదో తరగతి పిల్ల ఒకతి బ్యాగులోంచి 30 సెంటీమీటర్ల స్కేలు తీసి, పొడుచుకొచ్చిన భాగానికి ఆనించి, వేలితో గుర్తు పెట్టి, స్కేలు జరిపి మళ్లీ కొలిచింది.

"ఒక స్కేలు, ఇంక సగం స్కేలు సార్. నలభై అయిదు."

అక్కడితో ఆగితే బాగుండేది. 2 కిలోమీటర్ల 50 మీటర్లను 2.5 కిలోమీటర్లని రాసినందుకు సోమవారం సారు చేత ఎర్ర ఇంకు గీత పెట్టించుకున్న పిల్ల ఈమే. 2.050 అని పదిసార్లు రాసింది కూడా.

"మీటర్లల్ల 0.45 సార్. చుక్క ఎనుక సున్నా అవసరం లేదు గదా సార్?"

లేదు తల్లీ. ఇక్కడ అవసరం లేదు.

కోసి తగ్గించమని సారు బతిమాలారు. టఫెన్డ్ గ్లాసును ఆరు వందల డిగ్రీలు దాటేదాకా కాల్చి, గాలితో గబగబా చల్లారుస్తారు. పైపొర బిగుసుకుపోతుంది, లోపల లాగుడు మిగిలిపోతుంది. ఆ తర్వాత కట్టర్ పెడితే పటికబెల్లం పలుకుల్లా కుప్పకూలుతుంది. కోతైనా, రంధ్రమైనా భట్టీకి ముందే. 12.6 కిలోలు ఉండాల్సిన అద్దం 18 కిలోలైంది, బిల్లూ అదే లెక్కన పెరిగింది.

దుకాణాయన డబ్బులు లెక్కపెట్టుకుని, జేబులో పెట్టుకుని, గుమ్మం దగ్గర అడ్డంగా ఉన్న అద్దాన్ని తప్పించుకుంటూ పక్కకు తిరిగి బయటికి నడిచాడు.

"అద్దానికి సరిపోయే బల్ల చేపియ్యుండ్రి సార్. వడ్లాయనకు కొలతలు నేనే పంపుత."