రెండడుగుల నీళ్ళు చాలన్న క్రూయిజర్ గారికి

మహారాజశ్రీ సెకండ్ హ్యాండ్ క్రూయిజర్ పడవ గారి దివ్యసముఖానికి, తిరుపతి నుంచి తమ యజమాని అనబడే సేవకుడు చేసుకునే విన్నపం.

తమరు క్షేమమే కదా? నేనూ క్షేమమే. పులికాట్ సరస్సు బురద మూడో స్నానానికి వదిలింది. గోళ్ళలో ఇంకా ఉంది కాబట్టి ఆఫీసులో చేతులు టేబుల్ కింద పెట్టుకుని మాట్లాడుతున్నాను.

మొన్న ఆదివారం మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగున్నర దాకా, భీములవారిపాలెం రేవుకు కూతవేటు దూరంలో తమరు చూపించిన నిశ్చలత్వం గురించే ఈ ఉత్తరం. కొండ మీద మౌనవ్రతం పట్టిన స్వాములు కూడా అంత కదలకుండా కూర్చోలేరు. నీళ్ళు లాగాల్సిన ఇంజన్ బురద లాగింది. వేడెక్కి కీచుమని అలారం కొట్టింది. మా బావమరిది మాత్రం చాలా శ్రద్ధగా వీడియో తీశాడు. అది ఇప్పుడు మా బంధువుల గ్రూపులన్నింటిలోనూ తిరుగుతోంది. తమరు తిరగలేదు గానీ, తమ వీడియో బాగా తిరుగుతోంది.

చెన్నైలో తమ దర్శనం అయిన రోజు నాకు బాగా గుర్తు. ఇరవై రెండడుగుల పొడవు. ఇద్దరు పడుకునే చోటు, గుప్పెడంత స్టవ్వు, ఒక బుల్లి టాయిలెట్. పక్కన ఇంగ్లీషులో ‘ప్రిన్సెస్’ అని రాసి ఉంటే, చివరి రెండు ఎస్సులూ రాలిపోయి ‘ప్రిన్స్’ మిగిలింది. సగం ధరకు వస్తున్న రాకుమారి రాకుమారుడైతే మాత్రం ఏమి అనుకున్నాను. ఫోన్‌లో చదివిన ప్రకారం తమ ఒంటిని వేళ్ళతో తట్టి చూశాను. ఎక్కడైనా మొద్దుగా మోగితే లోపల చెక్క కుళ్ళినట్టట. సంతలో పుచ్చకాయ ఎంచినట్టు గంటసేపు తట్టాను. ఎక్కడా తేడా లేదు. తట్టి చూడాల్సింది నా తలకాయను.

అప్పుడే, తమ పాత యజమాని సెలవిచ్చాడు: “రెండడుగుల నీళ్ళుంటే చాలు సార్.”

వామనుడికి మూడడుగులు ఇచ్చి బలి చక్రవర్తి పాతాళానికి పోయాడు. నేను రెండడుగులు నమ్మి బురదలోకి పోయాను. ఆ రెండడుగులు ఇంజన్ పైకి లేపి పెట్టినప్పటి లెక్క అట. ఇంజన్ కిందికి దించితేనే కదండీ ఫ్యాను నీళ్ళలో తిరిగేది? దించితే మూడడుగులు కావాలి. అంటే తమరు తేలితే నడవరు, నడవాలంటే తేలరు. ఈ ముక్క ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. నాలుగున్నర గంటలు ఎండలో కూర్చుని నేనే కనుక్కున్నాను.

పులికాట్ మన దేశంలో చిలికా తర్వాత అంత పెద్ద ఉప్పునీటి సరస్సు. చిన్నప్పటి నుంచీ బడిలో చదువుకున్నదే. ఆ పెద్ద అనేది పొడవూ వెడల్పుల్లోనే అని, లోతు సగటున ఒక మీటరు దగ్గరే అని ఎవరూ చదివించలేదు. రాయదొరువు లాంటి ముఖద్వారాలు ఇసుకతో పూడుకుపోతే సముద్రం నీళ్ళు లోపలికి రావు. ఎండాకాలం ఉత్తరాన నేల బీటలు వారుతుంది. సూళ్ళూరుపేట నుంచి తడ దాకా ఏ పిల్లాణ్ని ఆపి అడిగినా చెప్పేవాడు. నేను యూట్యూబ్‌ను అడిగాను. అందులో ఒక తెల్లాయన నీలం నీళ్ళలో చక్కర్లు కొడుతూ ‘కొనండి’ అన్నాడు.

పోనీ లోతున్న చోటికే పోదామా? ఒక పక్క పక్షుల అభయారణ్యం, పోకూడదు. ఇంకో పక్క శ్రీహరికోట రాకెట్లు, అసలు పోకూడదు. పక్షికీ రాకెట్‌కీ మధ్య మిగిలిన కాస్త చోటులో తమరూ నేనూ.

తమ పెట్రోల్ దాహం గురించి మాట్లాడను, బీపీ మాత్ర అయిపోయింది. కాగితాల సంగతీ అంతే. 2021లో వచ్చిన కొత్త చట్టం ప్రకారం ఇంజన్ ఉన్న పడవకు సర్వే ఉండాలి, రిజిస్ట్రేషన్ ఉండాలి. తమ వెంట వచ్చింది లామినేషన్ చేసిన ఒక ఫోటో. మిగతాది మూడు నెలలు నా చెప్పులు చెబుతాయి. తమతో ఇచ్చిన లైఫ్ జాకెట్లు మాత్రం పట్టుకుంటే లోపలి ఫోమ్ పిండిలా రాలింది. ఇక్కడ జోకులు వేయను. 2019లో గోదావరిలో కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదం గుర్తున్నవాడెవడూ వేయడు. కొత్తవి కొన్నాను.

ఇక బోటింగ్ కమ్యూనిటీ. క్రూయిజర్ కొంటే తెల్ల టోపీలు, నల్ల కళ్ళద్దాలు, సాయంత్రం పూట రేవులో ‘హలో కెప్టెన్’ పలకరింపులు ఉంటాయనుకున్నాను. నాలుగున్నరకు వచ్చింది ఆ కమ్యూనిటీ. ఇరకం దీవికి పోయే పడవ. అందులో బియ్యం మూటలు, గ్యాస్ సిలిండర్, ఒక మేక, పదిహేను మంది జనం. అంత బరువుతో అది నా పక్కనుంచి నీళ్ళ మీద అరటి దొప్పలా జారిపోతోంది. తమరు ఇద్దరు మనుషులతో గుంటలో దున్నపోతులా పడుకుని ఉన్నారు.

పడవాయన ఇంజన్ ఆపి నన్నూ తమరినీ కాసేపు చూశాడు. తర్వాత దూరంగా వరసగా నిలబడిన ఫ్లెమింగోలను చూపించాడు.

“ఏమన్నా, అవి యాడ నిలబడి ఉండాయో చూసుకోవాల కదా? పక్షి కాళ్ళూని నిలబడే నీళ్ళలో ఇంత పడవ యాడ పోతాది?”

వెనక కూర్చున్న ముసలమ్మ ఇంకా సూటిగా అడిగింది. “ఇంట్లో చెప్పే కొన్నావా నాయనా?”

ఇద్దరు కుర్రాళ్ళు నీళ్ళలోకి దూకారు. వాళ్ళ నడుం కూడా తడవలేదు. కొత్త లైఫ్ జాకెట్ బిగించుకుని తమ మీద నిలబడి ఉన్నవాణ్ని నేను.

చూడు, ఇక తమరూ గిమరూ వద్దు. సిగ్గనిపించలేదా నీకు? నిన్ను తీసుకురావడానికి నేను చిట్టీ పాడాను. రేణిగుంట, కాళహస్తి, నాయుడుపేట మీదుగా ట్రైలర్ మీద ఊరేగించుకుంటూ నిన్ను రేవుకు తీసుకుపోతే దారి పొడుగునా జనం ఫోటోలు తీశారు. ఓడలు బళ్ళవుతాయంటారే, నువ్వు బండి మీద ఉన్నంతసేపే ఓడవి. రోడ్డు మీద ఎనభై కిలోమీటర్ల పైన నడిచావు, నీళ్ళలో ఎనభై గజాలు నడవలేకపోయావు. మా గోవిందరాజ స్వామి కోనేట్లో ఇంజన్ లేని తెప్ప కూడా ఏటా దేవుణ్ని ఎక్కించుకుని చుట్లు తిరిగి వస్తుంది కదే!

తాడు కట్టి లాగారు. రేవులో పడవాయనకు డబ్బులివ్వబోతే వద్దన్నాడు. నీ లంగరు తాడు మెత్తగా, పొడుగ్గా ఉందని అది చుట్టి తీసుకుపోయాడు. సభ్యత్వ రుసుము అనుకున్నాను. పోతూ పోతూ తన పాత గెడ ఒకటి నా చేతిలో పెట్టి, “నీళ్ళు ఎక్కువుండే రోజు ఫోన్ చేస్తా, ఇంజన్ ఎత్తేసి దీంతో తోసుకుంటా రా” అన్నాడు.

ఆ గెడ ఇప్పుడు మా మేడ మీద, బట్టలారేసే తీగ పక్కన ఉంది. నువ్వు వీధిలో టార్పాలిన్ కింద ఉన్నావు, నీ టాయిలెట్‌లో ఎదురింటి పిల్లి నాలుగు పిల్లల్ని పెట్టింది. నీ నీళ్ళు తోడే పంపు కాలిపోయింది కదా, కొత్తది ఆర్డర్ పెట్టాను. శుక్రవారం వస్తుంది. అడ్రస్ ఆఫీసుది ఇచ్చాను.

ఇట్లు,
రెండడుగులు నమ్మినవాడు