గుండు చేయిస్తే రింగుల జుట్టు సాఫీగా మారదు

తిరుపతి, చిత్తూరు వైపు చిన్నపిల్లలున్న ఇళ్ళలో ఒక సందేశం ఫోన్ల మీద తిరుగుతూనే ఉంది. అది చెప్పేది ఇది: పాప జుట్టు బిగుతు రింగులు తిరిగి ఉంటే మూడుసార్లు గుండు చేయించండి, సాఫీగా, ఒత్తుగా వస్తుంది. రింగులు ఒంట్లో వేడి వల్ల వస్తాయి కాబట్టి రోజూ ఆముదం దట్టించండి. సన్నపళ్ళ దువ్వెనతో రోజూ లాగి దువ్వితే రింగులు సాగిపోతాయి. లేదంటే పేలు పడతాయి. ఇవేవీ పని చేయకపోతే బడిలో చేర్చే ముందు ఒకసారి స్ట్రెయిటెనింగ్ చేయిస్తే సరి, ఏ హానీ లేదు.

ఇందులో నిలబడే మాట ఒక్కటీ లేదు. పంపేవాళ్ళలో ఎక్కువమంది అమ్మమ్మలు, మేనత్తలు, పక్కింటి పిన్నులు. పిల్ల మీది ప్రేమతోనే పంపుతారు. కానీ ఆ ప్రేమ చివరికి ఏడుస్తున్న పిల్లను మోకాళ్ళ మధ్య బిగించి దువ్వడంగా మారుతోంది. దాన్ని చూస్తూ ఊరుకోలేక ఇది రాస్తున్నాను.

గుండు సంగతి ముందు. మొక్కును నేను తప్పు పట్టడం లేదు. బేసి నెలలోనో బేసి ఏడాదిలోనో మేనమామ ఒడిలో కూర్చోబెట్టి పుట్టువెంట్రుకలు తీయించడం మన ఇళ్ళలో పండుగ. నీలాదేవి తన కురులు కోసి స్వామి తల మీది గాయానికి అతికించిందన్న కథ కొండకు వెళ్ళే ప్రతివారికీ తెలుసు. ఆ కథలో ఉన్నది ఇవ్వడం మాత్రమే. బదులుగా ఇంకో రకం జుట్టు కావాలని అడగడం అందులో ఎక్కడా లేదు. భక్తితో ఇచ్చేదాన్ని జుట్టు బాగుచేసే వైద్యంగా చెప్పడం దగ్గరే నా అభ్యంతరం.

వెంట్రుక ఆకారం నిర్ణయమయ్యేది చర్మం లోపల, కుదురులో. కుదురు నిటారుగా ఉంటే వెంట్రుక అడ్డకోతలో గుండ్రంగా ఉండి, తిన్నగా వస్తుంది. కుదురే వంపు తిరిగి ఉంటే వెంట్రుక అడ్డకోతలో కోలగా ఉండి, ఒకవైపుకు వంగుతూ, చుట్టలు తిరుగుతూ వస్తుంది. ఆ వంపు తల్లిదండ్రుల నుంచి, తాతముత్తాతల నుంచి వచ్చిన జన్యువుల పని. తల మీద కుదుళ్ళు సుమారు లక్ష ఉంటాయి. అవన్నీ బిడ్డ కడుపులో ఉండగానే ఏర్పడతాయి, పుట్టిన తర్వాత కొత్తవి పుట్టవు. కత్తి తాకేది చర్మం పైకి వచ్చిన ప్రాణం లేని భాగాన్ని. కోత పడిందన్న సంగతి కుదురుకు చేరే దారే లేదు. మిల్‌డ్రెడ్ ట్రాటర్ అనే అమెరికా శాస్త్రవేత్త నలుగురు పురుషుల గడ్డం మీద ఈ విషయమే పరిశీలించి 1928లో ప్రచురించారు. గీయడం వల్ల వెంట్రుక మందంలో గానీ, పెరిగే వేగంలో గానీ తేడా రాలేదు.

మరి "మా పాపకు గుండు తర్వాత ఒత్తుగా వచ్చింది" అని ఇంతమంది ఎందుకంటారు? వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు, కళ్ళతో చూసిందే చెబుతున్నారు. పుట్టుకతో వచ్చిన జుట్టు మెత్తగా, పలచగా ఉండి మొదటి కొన్ని నెలల్లో చాలావరకు రాలిపోతుంది. దాని తర్వాత వచ్చేది సహజంగానే మందంగా ఉంటుంది. మనం గుండు చేయించే వయసూ సరిగ్గా అదే. వయసు చేసిన పనికి కత్తికి పేరు వస్తోంది. పైగా కత్తి పడని వెంట్రుక కొస సన్నగా ముగుస్తుంది, గీసిన వెంట్రుకకు కొస మొండిగా ఉంటుంది. చెక్కిన పెన్సిల్ మొనను, మొండి పెన్సిల్‌ను వేలితో తాకి చూస్తే తేడా తెలిసినట్టే, తల నిమిరినప్పుడు అది బిరుసుగా, ఒత్తుగా తోస్తుంది. ఇంకొకటి: జుట్టు నెలకు దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. పూర్తి చుట్ట తిరిగే పొడవు వచ్చేదాకా తిన్నగానే ఉన్నట్టు కనిపిస్తుంది. ఆ కొద్ది వారాలు ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. మళ్ళీ రింగులు కనపడగానే "ఇంకో గుండు కావాలి" అంటారు.

నమ్మకం కుదరకపోతే కొండ మీద కల్యాణకట్ట దగ్గర కాసేపు నిలబడి చూడండి. ఏటా తలనీలాలిచ్చే పెద్దవాళ్ళు ఎందరో కనిపిస్తారు. గుండుతో జుట్టు ఒత్తుగా పెరిగేదే అయితే వాళ్ళలో ఒక్కరికీ బట్టతల ఉండకూడదు. ఏటా ఇస్తున్నా రింగులు రింగులుగానే ఉన్నవాళ్ళూ వాళ్ళలోనే ఉంటారు. మొక్కు లేకుండా మూడోసారి, నాలుగోసారి గీయిస్తే పసి చర్మానికి గాట్లు, మన ఎండాకాలంలో నెత్తి మాడటం తప్ప దక్కేదేమీ లేదు.

ఇక వేడి, ఆముదం. ఒంట్లో వేడికీ చుట్టలకూ సంబంధం లేదు, తల్లి గర్భంతో ఉండగా తిన్న తిండికీ లేదు. చుట్టల జుట్టు పొడిగా ఉంటుందన్నది మాత్రం నిజమే. కారణం వేరు. మాడు చర్మంలో ఊరే సహజమైన నూనె తిన్నని వెంట్రుక మీద కొస దాకా సులువుగా పాకుతుంది, మలుపు మలుపు తిరిగిన వెంట్రుక మీద పాకలేదు. అందుకే కొసలు పొడిబారి, పెళుసెక్కి విరుగుతాయి. చూసేవాళ్ళు "జుట్టే పెరగడం లేదు" అంటారు. అది పెరుగుతూనే ఉంటుంది, కొసలో విరిగిపోతూ ఉంటుంది.

దీనికి మందు రోజూ చమురు పూయడం కాదు. నూనెలో నీరు ఉండదు. నీటితో జుట్టు తడిపి, ఆ తడి ఆరిపోకుండా పైన కొద్దిగా నూనె రాస్తేనే ఫలితం. మన కొబ్బరినూనె ఇందుకు మంచిదే. 2003లో మన దేశంలోనే జరిగిన ఒక పరిశోధనలో కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడింటినీ పోల్చి చూస్తే, జుట్టులోని మాంసకృత్తులు పోకుండా తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే. తలంటుకు ముందు రాయాలన్న పెద్దల మాటకు అది బలమైన ఆధారం. ఆముదం చిక్కన. దట్టంగా పట్టించి, జుట్టంతా నెత్తి మీదికి కుప్ప చేసి రుద్దితే బిగుతు చుట్టలు ఉండకట్టుకుపోయే ప్రమాదం ఉంది. చంటిపిల్లల మాడు మీద పసుపుపచ్చని పొలుసులు కడితే నూనె రాసి అలాగే వదిలేయకూడదు. అక్కడ పెరిగే ఒక రకం శిలీంధ్రానికి ఆ కొవ్వే ఆహారం. కాసేపు నాననిచ్చి, మెత్తగా రుద్ది, కడిగేయాలి.

వారానికి ఒక తలంటు చాలు. ఆడపిల్లలకు శుక్రవారం తలంటు పోసే మన అలవాటు ఈ జుట్టుకు బాగా సరిపోతుంది. కుంకుడు రసమైనా షాంపూ అయినా నీళ్ళు కలిపి పలచన చేసి, వేళ్ళ కొసలతో మాడుకు మాత్రమే పట్టించండి. బోరు నీళ్ళు ఉప్పగా ఉండే ఇళ్ళలో జుట్టు మీద సున్నం పొరలా మిగిలి గరుకెక్కుతుంది. చివరి రెండు చెంబులు మంచినీళ్ళు పోస్తే ఆ తేడా చేతికే తెలుస్తుంది.

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది దువ్వెన గురించిన సలహా. లాగితే రింగు సాగదు, తెగుతుంది. పొడి జుట్టులో సన్నపళ్ళ దువ్వెన కుదురు దగ్గర పెట్టి కిందికి లాగితే చిక్కులన్నీ కొసకు చేరి ఒకే ముడిగా బిగుస్తాయి. బిడ్డకు కళ్ళనీళ్ళు, దువ్వెనకు జుట్టు మిగులుతాయి. "తడి జుట్టు దువ్వకూడదు" అని మనం చిన్నప్పటి నుంచి విన్నాం. తిన్నని జుట్టు విషయంలో అది సరైన మాటే. బిగుతు చుట్టల విషయంలో దానికి విరుద్ధంగా నడవాలి. వాటి చిక్కు తడిగా ఉన్నప్పుడే తీయాలి.

తలంటు అయ్యాక జుట్టు తడిగా ఉండగానే నాలుగు పాయలు చేయండి. ఒక్కో పాయకు కండిషనర్ ధారాళంగా రాయండి. మొదట వేళ్ళతో పెద్ద చిక్కులు విడదీయండి. తర్వాత పళ్ళు ఎడంగా ఉన్న దువ్వెనతో కొస నుంచి మొదలుపెట్టి కొద్దికొద్దిగా పైకి వెళ్ళండి. చిక్కుకు పైభాగాన పాయను రెండో చేత్తో పట్టుకుంటే లాగుడు మాడుకు చేరదు, పిల్ల ఏడవదు. విడదీసిన పాయను వదులుగా మెలిపెట్టి పక్కన పెట్టి రెండోది అందుకోండి. మొదట్లో సమయం పడుతుంది. పిల్లకు కథ చెబుతూ చేయండి, కదలకుండా కూర్చుంటుంది. మిగతా రోజుల్లో కాస్త నీళ్ళు చిలకరించి వేళ్ళతో సర్దితే చాలు, రోజూ దువ్వాల్సిన పనే లేదు. రాత్రి తల కింద పాత పట్టుచీర ముక్క పరచండి, జరీ లేని భాగం. నూలు గలీబు రాపిడికి చిక్కు పెడుతుంది. పట్టు మీద ఆ రాపిడి తక్కువ.

పేల మాటకు జవాబు చిన్నది. పేను ఒక తల నుంచి ఇంకో తలకు పాకి వస్తుంది, రింగుల్లోంచి పుట్టదు. అమెరికాలో బిగుతు చుట్టల జుట్టున్న నల్లజాతి పిల్లల్లో పేలు మిగతా పిల్లల కంటే బాగా తక్కువ. అక్కడి పేల గోళ్ళకు ఆ వెంట్రుక ఆకారం పట్టు దొరకనివ్వకపోవడం కారణం కావచ్చని ఆ దేశపు ఆరోగ్య సంస్థ చెబుతోంది.

అసలు చూసుకోవలసినవి వేరే ఉన్నాయి. గుండ్రంగా జుట్టు ఊడి, పొలుసులు కట్టి, వెంట్రుకలు మొదట్లోనే తెగిపోతుంటే అది తామర కావచ్చు. దానికి నోటి ద్వారా వేసే మందు కావాలి, నూనెతో పోదు. ఇంట్లో ఎవరికీ లేని ఉన్నిలాంటి జుట్టుతో పాటు అరచేతులు, అరికాళ్ళ చర్మం అసాధారణంగా మందమెక్కితే ఆలస్యం చేయకండి. అరుదుగా అది గుండె జబ్బుకు ముందు కనిపించే గుర్తు. తిరుపతిలో రుయా వంటి పెద్దాసుపత్రిలో చర్మవ్యాధుల వైద్యులకు చూపించండి.

చివరిది స్ట్రెయిటెనింగ్. హాని లేదన్న మాట అన్నిటికంటే ప్రమాదకరం. జుట్టు తిన్నగా చేసే క్రీముల్లో కొన్నింటి ముఖ్య పదార్థం సోడియం హైడ్రాక్సైడ్, అంటే కాస్టిక్ సోడా. అది మాడును కాలుస్తుంది, కంట్లో పడితే చూపుకే ముప్పు. కెరాటిన్ ట్రీట్‌మెంట్ పేరుతో చేసే స్ట్రెయిటెనింగ్‌లలో చాలావాటి నుంచి వేడి తగలగానే ఫార్మాల్డిహైడ్ ఆవిరి వస్తుంది. అది మనుషుల్లో క్యాన్సర్ కలిగించేదని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. అమెరికాలో 33,497 మంది స్త్రీలను గమనించిన పరిశోధన ఒకటి 2022లో వెలువడింది. ఏడాదిలో నాలుగుసార్లకు మించి స్ట్రెయిటెనింగ్ మందులు వాడినవారిలో గర్భాశయ క్యాన్సర్ రెండింతలకు పైగా కనిపించింది. కారణం ఇదేనని ఆ పరిశోధన తేల్చలేదు, చూసినది పెద్దవాళ్ళను. అయినా నాలుగేళ్ళ పిల్ల తల మీద ప్రయోగం చేయకుండా ఉండటానికి ఆ మాత్రం హెచ్చరిక చాలదా?

ఇంత చేసినా కుదురు మారదు. ఏడాదికి పన్నెండు సెంటీమీటర్ల దాకా కొత్త జుట్టు చుట్టలతోనే వస్తుంది. పాతది, కొత్తది కలిసే చోట వెంట్రుక పుటుక్కున తెగుతుంది. మళ్ళీ మందు పూయాలి.

బడి వాళ్ళు నున్నగా రెండు జడలు, రిబ్బన్లు అడుగుతారని చాలామంది తల్లులు భయపడుతున్నారు. నుదుటి దగ్గర చర్మం లాగుతున్నట్టుగా, చిన్న పొక్కులు లేచేలా బిగించి అల్లితే కణతల దగ్గర జుట్టు ఊడిపోతుంది. ఏళ్ళ తరబడి అలాగే సాగితే ఆ చోట మళ్ళీ రాదు. టీచర్‌తో నేరుగా మాట్లాడండి. రెండు జడలూ ఉంటాయి, రిబ్బన్లూ ఉంటాయి, అల్లిక వదులుగా ఉంటుంది, పైన రింగులు కొన్ని లేచి ఉంటాయని చెప్పండి. అమరావతి శిల్పాల్లో బుద్ధుడి తల నిండా ఉన్నవి బిగుతైన చిన్న చుట్టలే. ఈ నేల మీద ఆ జుట్టు కొత్తదీ కాదు, లోపమూ కాదు. ఆ మాట పిల్ల వినేలా ఇంట్లో అనండి. ఇంటికొచ్చిన బంధువు "అయ్యో, జుట్టు ఇలా ఉందేం" అన్నప్పుడు మాత్రం తప్పకుండా అనండి.